బిల్డ్ కంటైనర్‌లో, వాడకం బయట: మోష్‌ని సోర్స్ నుంచి కంపైల్ చేసుకోవడం

అందరికీ నమస్కారం.

హైదరాబాద్‌లో కూర్చుని అమెరికా తూర్పు తీరంలో ఉన్న సర్వర్ మీద పని చేసేవాళ్లు ఈ హాల్లో కొందరైనా ఉంటారు. దూరపు సర్వర్‌లోకి లాగిన్ అయ్యే ఎస్‌ఎస్‌హెచ్‌లో ఒక అక్షరం కొడితే అది అక్కడిదాకా వెళ్లి, తిరిగొచ్చి తెర మీద పడేసరికి 200 మిల్లీసెకన్లు దాటుతుంది. రైల్లో మొబైల్ డేటా మీదైతే ఇక అడగక్కర్లేదు. ఈ బాధకు మందుగా ఎంఐటీలో కీత్ విన్‌స్టీన్, హరి బాలకృష్ణన్ తయారుచేసిన రిమోట్ టెర్మినల్ ప్రోగ్రామే మోష్. 2012లో యూజ్‌నిక్స్ సదస్సులో దాని మీద పేపర్ ఇచ్చారు. త్రీజీ నెట్‌వర్క్ మీద మీట నొక్కాక స్పందన రావడానికి ఎస్‌ఎస్‌హెచ్‌లో మధ్యస్థంగా 503 మిల్లీసెకన్లు పడితే, మోష్‌లో 5 లోపే పట్టిందని అందులో రాశారు. మీరు కొట్టిన అక్షరం సర్వర్ నుంచి తిరిగొచ్చేదాకా ఆగకుండా, క్లయింటే ఊహించి ముందే చూపించేస్తుంది. ఊహ తప్పితే తర్వాత సరిదిద్దుకుంటుంది.

అది పనిచేసే తీరు రెండు ముక్కల్లో చెప్తాను, తర్వాత బిల్డ్ దగ్గర పనికొస్తుంది. ముందు మామూలు ఎస్‌ఎస్‌హెచ్‌తోనే లోపలికి వెళ్తుంది. అక్కడ మోష్-సర్వర్‌ని లేపుతుంది. అది ఒక పోర్టు నంబరు, ఒక ఎన్‌క్రిప్షన్ తాళంచెవి (కీ) ఇస్తుంది. అంతటితో ఎస్‌ఎస్‌హెచ్ పని అయిపోయింది. అక్కడి నుంచి సంభాషణంతా 60000 నుంచి 61000 మధ్య ఉన్న ఒక యూడీపీ పోర్టు మీద నడుస్తుంది. వైఫై నుంచి ఫోన్ హాట్‌స్పాట్‌కి మారినా సెషన్ తెగదు.

మరి ఇంత మంచి సాధనాన్ని ప్యాకేజీగా వేసుకోకుండా సోర్స్ నుంచి ఎందుకు కంపైల్ చేయాలి? ఉబుంటు 22.04లో వచ్చేది మోష్ 1.3.2. అది 2017 నాటిది. ఎడిటర్లో ఇష్టపడి పెట్టుకున్న 24 బిట్ల రంగుల థీమ్ అందులో వెలవెలబోతుంది. ఆ రంగులు పలికేది 2022 అక్టోబరులో వచ్చిన 1.4.0లో. పైగా క్లయింట్ ఒక్కటి కొత్తదైతే చాలదు. టెర్మినల్ తెరను అర్థం చేసుకునే పని సర్వర్ వైపున కూడా జరుగుతుంది కాబట్టి రెండు చివరలా 1.4.0 ఉండాలి.

కంపైల్ చేయడం చూడ్డానికి పాత సంప్రదాయమే: ఆటోజెన్, కాన్ఫిగర్, మేక్. కానీ కాన్ఫిగర్ నడిచేలోపు ఆటోకాన్ఫ్, ఆటోమేక్, డేటాను మూటగట్టే ప్రోటోబఫ్ కంపైలర్, దాని లైబ్రరీ, ఎన్‌కర్సెస్, జీలిబ్, ఓపెన్ఎస్ఎస్ఎల్... ఒక్కోటీ అడుగుతూ పోతుంది. వీటన్నిటి డెవలప్‌మెంట్ ప్యాకేజీలు ల్యాప్‌టాప్‌లో వేసుకుంటే ఆరు నెలల తర్వాత ఏది ఎందుకు వేశామో గుర్తుండదు. మ్యాక్‌లో హోమ్‌బ్రూ వాడేవాళ్లకు ఇంకో అనుభవం ఉంటుంది. వేరే దేనికోసమో ప్రోటోబఫ్ అప్‌గ్రేడ్ అవుతుంది, మర్నాడు మోష్ "లైబ్రరీ లోడ్ కాలేదు" అని మొరాయిస్తుంది.

అందుకే కంటైనర్, అంటే మన సిస్టమ్‌ని ముట్టుకోకుండా విడిగా నడిచే ఒక డబ్బా లాంటిది. దీన్ని రెండు దశల డాకర్‌ఫైల్‌గా (డాకర్ అనే కంటైనర్ సాధనానికి ఇచ్చే సూచనల ఫైలు) రాస్తాం. మొదటి దశలో సామానంతా వేసి కంపైల్ చేస్తాం. రెండో దశ ఖాళీ ఇమేజ్ (కంటైనర్‌కి అచ్చు), అందులోకి తయారైన ఫైళ్లు మాత్రమే కాపీ అవుతాయి. శ్లాబు పోసేటప్పుడు సెంట్రింగ్ కొట్టి, గట్టిపడ్డాక విప్పేస్తారు కదా, అలా. బిల్డ్ కమాండ్‌లోనే అవుట్‌పుట్ ఆప్షన్ ఇస్తే ఆ ఫైళ్లు నేరుగా మీ ఫోల్డర్‌లోకి వచ్చి పడతాయి. ఫోల్డర్‌ని కంటైనర్‌లోకి మౌంట్ చేసి లోపల మేక్ కొట్టే పద్ధతీ ఉంది కానీ, డాకర్‌తో అలా చేస్తే ఫైళ్లన్నీ రూట్ (అడ్మిన్) పేరు మీద తయారై, తీసేయడానికి కూడా సుడో కావాల్సి వస్తుంది. డాకర్‌లాంటి ఇంకో సాధనమైన పాడ్‌మన్‌ని రూట్ లేకుండా నడిపేవాళ్లకు ఈ తంటా ఉండదు.

ఇక్కడ కాసేపు ఆగుదాం, ఎందుకంటే చాలామంది బోల్తా పడేది ఇక్కడే. డాకర్‌ఫైల్ మొదటి లైన్లో ఏ ఇమేజ్ పెట్టాలి? కొత్తది మంచిదే కదా అని డెబియన్ 12 పెట్టారనుకుందాం. బిల్డ్ చక్కగా అయింది. ఆ బైనరీని (తయారైన ప్రోగ్రామ్ ఫైలుని) ఉబుంటు 20.04 సర్వర్ మీదికి పంపి నడిపితే, మిగతా లైబ్రరీలన్నీ దొరికాయనుకున్నా, ప్రోగ్రాములు ఆధారపడే ప్రధాన సీ లైబ్రరీ జీ-లిబ్-సీ 2.34 దొరకలేదని ఒక లైను వచ్చి ఆగిపోతుంది. డెబియన్ 12లో ఉన్న జీ-లిబ్-సీ 2.36, ఉబుంటు 20.04లో 2.31. మరి మధ్యలో ఈ 2.34 ఎక్కణ్నుంచి ఊడిపడింది? 2021 ఆగస్టులో వచ్చిన ఆ వెర్షన్‌లో థ్రెడ్ల లైబ్రరీని ప్రధాన లైబ్రరీలో కలిపేశారు. దాంతోపాటు ప్రోగ్రామ్ మొదలయ్యేటప్పుడు పిలిచే ఫంక్షన్‌కి కొత్త వెర్షన్ ముద్ర పడింది. అందువల్ల 2.34 గానీ ఆపైన గానీ ఉన్న చోట మామూలుగా కంపైల్ చేసిన ఏ ప్రోగ్రామైనా, చివరికి ఒక్క లైను ప్రింట్ చేసే బుల్లి సీ ప్రోగ్రామైనా సరే, పాత సిస్టమ్ మీద లేవదు. పాతచోట కట్టింది కొత్తచోట నడుస్తుంది, కొత్తచోట కట్టింది పాతచోట నడవదు. జీ-లిబ్-సీ హామీ ఒకవైపే.

అయితే పాత ఇమేజ్ పట్టుకుంటే సరిపోతుందా అంటే, మోష్ విషయంలో అదీ కాదు. డెబియన్ 11లో కట్టారనుకోండి, బైనరీ ఓపెన్ఎస్ఎస్ఎల్ 1.1ని వెతుక్కుంటుంది. ఉబుంటు 22.04లో ఉన్నది 3. ప్రోటోబఫ్‌దీ ఇదే తంతు, ఒక్కో లినక్స్ డిస్ట్రోలో ఒక్కో వెర్షన్ నంబరు. జీ-లిబ్-సీ పాటించే క్రమశిక్షణ మిగతా లైబ్రరీలు పాటించవు. అన్నిటినీ స్టాటిక్‌గా, అంటే బైనరీ లోపలే, కలిపేస్తే పోలా అంటారు. జీ-లిబ్-సీని అలా కలిపితే, హోస్ట్‌నేమ్‌ని ఐపీగా మార్చే పనికి అది మళ్లీ నడిచే సమయంలో షేర్డ్ లైబ్రరీల కోసమే చూస్తుంది, లింకర్ హెచ్చరిక కూడా ఇస్తుంది. జీ-లిబ్-సీకి బదులు మసల్ అనే సీ లైబ్రరీ వాడే ఆల్పైన్ లినక్స్ మీద ఈ చిక్కు లేదు గానీ, కొత్త ప్రోటోబఫ్ తనతోపాటు ఆబ్సైల్ అనే ఇంకో లైబ్రరీల మందనే తోలుకొస్తుంది. పైగా అది సీ ప్లస్ ప్లస్ 17 అడుగుతుంది. మోష్ 1.4.0 ఆ మార్పుకు ముందు విడుదలైంది కాబట్టి, కంపైలర్ ఫ్లాగుల్లో ఆ ప్రమాణాన్ని మనమే చెప్పాల్సి వస్తుంది.

నా సలహా తెలివైనదేం కాదు, మొద్దు సలహా. ఏ మెషీన్ మీద నడపాలో ఆ డిస్ట్రో ఇమేజ్‌లోనే కట్టండి. సర్వర్ ఉబుంటు 20.04 అయితే 20.04 ఇమేజ్, ల్యాప్‌టాప్ 22.04 అయితే 22.04 ఇమేజ్. డాకర్‌ఫైల్‌లో ఆ వెర్షన్‌ని ఆర్గ్యుమెంట్‌గా పెట్టుకుంటే ఒకే ఫైలు రెంటికీ సరిపోతుంది. షేర్డ్ లైబ్రరీలు మామూలు ప్యాకేజీలుగా అక్కడ ఎలాగూ దొరుకుతాయి. సర్వర్‌లో రూట్ హక్కులు లేకపోయినా, ఆ లైబ్రరీలు ఉంటే చాలు, మోష్-సర్వర్‌ని మీ హోమ్ ఫోల్డర్‌లో పెట్టుకుని క్లయింట్‌కి ఆ దారి ఆప్షన్‌గా చెప్పవచ్చు. కాపీ చేసేటప్పుడు ఒకటి గుర్తుంచుకోండి. మోష్ అని మనం కొట్టేది పెర్ల్ స్క్రిప్ట్. క్లయింట్, సర్వర్ బైనరీలు వేరు. స్క్రిప్ట్‌ని వదిలేసి బైనరీలు మాత్రం తెచ్చుకుని ఎర్రర్ అర్థం కాక తల పట్టుకోవద్దు. యాపిల్ సిలికాన్ మ్యాక్ మీద కంటైనర్ నడుపుతుంటే ప్లాట్‌ఫామ్ కూడా చెప్పాలి, లేదంటే తయారయ్యేది ఆర్మ్ బైనరీ. ఇంటెల్ సర్వర్ దాన్ని ముట్టుకోదు.

క్లయింట్‌ని కంటైనర్‌లోనే నడిపేస్తే పోదా అని అడిగేవాళ్లుంటారు. నడుస్తుంది. కానీ ఎస్‌ఎస్‌హెచ్ తాళంచెవులు (కీలు) లోపలికి ఎలా వెళ్తాయి? కొందరు ఇమేజ్‌లోకి కాపీ చేసి, తర్వాతి లైన్లో డిలీట్ చేసి హమ్మయ్య అనుకుంటారు. ఆ డిలీట్ పైలేయర్‌లో (పై పొరలో) జరుగుతుంది, తాళంచెవి కింది లేయర్‌లో భద్రంగా కూర్చుని ఉంటుంది. ఇమేజ్ అందినవాళ్లెవరైనా దాన్ని తీసి చూడొచ్చు. బయట నడిపితే ఈ టెన్షన్ ఉండదు.

కంటైనర్‌లోనే పరీక్షిస్తే ఇంకో దెబ్బ తగులుతుంది. సన్నటి బేస్ ఇమేజ్‌లలో లొకేల్ (భాష, అక్షరాల అమరిక) ఏదీ పెట్టి ఉండదు. యూటీఎఫ్-8 లొకేల్ లేనిదే మోష్ మొదలే కాదు. చాలామంది దీన్ని చాదస్తం అనుకుంటారు, నాకు మాత్రం నచ్చింది. తెలుగు పేరున్న ఫైలు తెర మీద ప్రశ్నార్థకాలుగా కనిపించడం కంటే మొదట్లోనే ఆగి చెప్పడం నయం. సీ.యూటీఎఫ్-8 అని ఒక లైను పెడితే తీరిపోతుంది. అయినా తెలుగు గుణింతాలు, ఒత్తులు ఎన్ని గళ్లు ఆక్రమిస్తాయన్న దాని మీద మోష్ లెక్క, మీ టెర్మినల్ లెక్క ఒకటి కాకపోతే కర్సర్ పక్కకు జరిగిపోతుంది. దానికి మందు కంటైనర్‌లో లేదు.

చివరిగా, సోర్స్ ఎక్కణ్నుంచి తెచ్చుకుంటున్నాం? 2024 మార్చిలో ఎక్స్‌జెడ్ అనే కంప్రెషన్ లైబ్రరీ సంగతి బయటపడింది. ఎస్‌ఎస్‌హెచ్ లాగిన్ అర సెకను ఆలస్యమవుతోందేమిటని ఆండ్రెస్ ఫ్రాయిండ్ అనే డెవలపర్ తవ్వి చూస్తే దొంగదారి దొరికింది. దాన్ని బిల్డ్‌లోకి ఎక్కించే ముక్క గిట్‌లో లేదు, విడుదల టార్‌బాల్‌లో (సోర్స్ మూటలో) మాత్రమే ఉంది. కాబట్టి గిట్ నుంచి విడుదల ట్యాగ్ తీసుకుని, అది ఏ కమిట్‌ని చూపిస్తుందో డాకర్‌ఫైల్‌లో రాసిపెట్టి, ఆటోజెన్ మీరే నడపండి. బేస్ ఇమేజ్‌ని కూడా ట్యాగ్ పేరుతో వదిలేయకుండా షా-256 డైజెస్ట్‌తో (లోపలి సరుకును బట్టి వచ్చే ముద్రతో) కట్టేయండి. ట్యాగ్ పేరు అదే ఉంటుంది, లోపలి సరుకు మారిపోతూ ఉంటుంది. ఆ డైజెస్ట్‌ని అప్పుడప్పుడూ మార్చి మళ్లీ బిల్డ్ చేసే బాధ్యత మీదే. మీరు కట్టుకున్న మోష్‌కి ఆప్ట్ నుంచి సెక్యూరిటీ అప్‌డేట్ రాదు.

డాకర్‌ఫైల్ ఈ తెర మీద ఉంది. ప్రశ్నలు అడగండి, ఉబుంటు 20.04 బిల్డ్‌ని ఈలోగా మొదలుపెడతాను.