నల్లబల్ల లేని చోట లెక్కలు

శ్రోతలకు నమస్కారం.

గణిత బోధన గురించి మాట్లాడుకునే ఒక పాడ్‌కాస్ట్‌కు ఈమధ్య నన్ను అతిథిగా పిలిచారు. పాడ్‌కాస్ట్ అంటే రేడియో కార్యక్రమమే అనుకోండి. కాకపోతే శ్రోత తనకు వీలైనప్పుడు వింటాడు, మధ్యలో ఆపుకుంటాడు, విసుగు పుడితే ముందుకు జరిపేస్తాడు. పిలుపు రాగానే నాకు కలిగిన సందేహం ఒక్కటే. లెక్కలు చెప్పేవాడి దగ్గర నల్లబల్లా సుద్దముక్కా తీసేసుకుంటే ఇక ఏం మిగులుతుంది?

ఈ చిక్కును తప్పించుకోవడానికి చాలామంది ఎంచుకునే దారి ఒకటుంది. లెక్క జోలికి పోకుండా లెక్కల గొప్పతనం గురించి మాట్లాడటం. ప్రకృతిలో గణితం ఉంది, సంగీతంలో గణితం ఉంది, గణితం తర్కాన్ని పెంచుతుంది అంటూ గంటసేపు హాయిగా గడిపేయవచ్చు. విన్నవారికి మాత్రం ఒక్క లెక్క కూడా కొత్తగా అర్థం కాదు. అలాంటి సంభాషణలంటే నాకు పెద్ద గౌరవం లేదు. అదృష్టవశాత్తు నన్ను పిలిచిన ఆవిడకూ లేదు. ఆవిడ గణితం చదువుకున్న మనిషి కారు కానీ, ప్రశ్న వేస్తే జవాబు చేతికి వచ్చేదాకా వదలని మనిషి. రికార్డింగుకు ముందే ఫోనులో షరతు పెట్టారు: "మాస్టారూ, లెక్కల గురించి వద్దు, లెక్కే చెప్పండి. అర్థం కాకపోతే మధ్యలో ఆపుతాను, ఏమీ అనుకోకండి."

అన్నట్టే ఆపారు. ఒక సంఖ్యకు అయిదు కలిపితే పన్నెండు వచ్చింది, ఆ సంఖ్య ఏది అన్న చిన్న సమీకరణం దగ్గరే ఆపారు. "మాకు బడిలో అయిదును అటు తీసుకెళ్తే మైనస్ అవుతుందని చెప్పారు. అటు అంటే ఎటు? తీసుకెళ్తే గుర్తు ఎందుకు మారాలి?" అని అడిగారు.

ఈ ప్రశ్న నల్లబల్ల ముందు ఎవరూ అడగరు. ఎందుకంటే బల్ల మీద ఆ అయిదు నిజంగానే నడిచి వెళ్ళినట్టు కనిపిస్తుంది. పై వరుసలో ఎడమ పక్కన ఉంటుంది, కింది వరుసలో కుడి పక్కన ఉంటుంది. కన్ను ఆ కదలికను చూసి సంతృప్తి పడిపోతుంది. కంటికి దొరికే ఆ సాక్ష్యం చెవికి దొరకదు కాబట్టి చెవి కారణం అడుగుతుంది. కారణం చెప్పాలంటే సంగతి మొదటినుంచి చెప్పాలి. సమీకరణంలో ఏదీ ఎటూ వెళ్ళదు. సమాన గుర్తుకు రెండు పక్కలా ఉన్నది ఒకే సంఖ్య. ఒక పక్క దాన్ని 'ఏదో సంఖ్యా, అయిదూ' అని పిలుస్తున్నాం, రెండో పక్క 'పన్నెండు' అని పిలుస్తున్నాం. దానిలోంచి అయిదు తీసేస్తే, ఏ పేరుతో పిలిచినా మిగిలేది ఒకటే కావాలి. మొదటి పేరులో ఆ 'ఏదో సంఖ్య' మిగులుతుంది, రెండో పేరులో ఏడు మిగులుతుంది. అంతే, లెక్క అయిపోయింది.

'అటు తీసుకెళ్ళడం' అనే మాటతో వచ్చే నష్టం ఆ తర్వాతి లెక్కలో బయటపడుతుంది. ఒక సంఖ్యకు రెండు రెట్లు పన్నెండు అనగానే, పిల్లవాడు రెండును కూడా అటు తీసుకెళ్ళి మైనస్ చేసి, పది అని రాస్తాడు. టీచర్లందరికీ పరిచయమైన జవాబే ఇది. వాడు అజాగ్రత్తగా ఏమీ చేయలేదు, చెప్పిన సూత్రాన్ని బుద్ధిగా పాటించాడు. లెక్కల తరగతిలో మనం వాడే 'ఇది, అది, ఇటు, అటు' అనే మాటలను ఒక్క రోజు పక్కనపెట్టి పాఠం చెప్పి చూస్తే, వాటి వెనక ఎన్ని కారణాలు దాగిపోతున్నాయో తెలుస్తుంది.

మాటలతోనే లెక్క చెప్పడం నిజానికి కొత్త సంగతేమీ కాదు. తొమ్మిదో శతాబ్దంలో అల్ ఖ్వారిజ్మీ అనే గణితవేత్త బీజగణితం మీద రాసిన గ్రంథంలో సమీకరణాలన్నీ వాక్యాలుగానే ఉంటాయి, ఇప్పటి గుర్తులు ఒక్కటీ కనబడవు. ఈనాడు మనం రాసే సమాన గుర్తును రాబర్ట్ రికార్డ్ అనే గణితవేత్త 1557లో ప్రవేశపెట్టాడు. మన తెలుగు కవి పావులూరి మల్లన, మహావీరాచార్యుడనే గణితవేత్త రాసిన సంస్కృత గణితాన్ని తెలుగు పద్యాల్లోకే తెచ్చాడు. పద్యం నోటికి వస్తుంది, చెవిలో నిలుస్తుంది.

అయితే గుర్తులు గెలవడానికి గట్టి కారణమే ఉంది. 'రెండు ప్లస్ మూడు ఇంటూ నాలుగు' అని పైకి చదవండి. విన్నవారిలో కొందరు 20 అంటారు, కొందరు 14 అంటారు. కాగితం మీదైతే గుణకారం ముందు చేయాలనే నియమం గానీ, బ్రాకెట్లు గానీ తగువు తీరుస్తాయి. మైకు ముందు ఆ పని విరామం చేయాలి, లేదా వాక్యమే చేయాలి: 'రెండూ మూడూ కలిపి, వచ్చినదాన్ని నాలుగుతో గుణించండి.' పొడవైన భాగహారాలూ, మూడు వృత్తాలు ఒకదాన్నొకటి ఖండించుకునే బొమ్మలూ మాత్రం చెవికి అప్పగించకూడదు. ఆ సాహసానికి నేను పోలేదు.

చెవికి బాగా నప్పే లెక్కలు కూడా ఉన్నాయి. మైనస్‌ను మైనస్‌తో గుణిస్తే ప్లస్ ఎందుకవుతుందని ఆవిడ అడిగారు. ఈ ప్రశ్నను కాగితం మీదకన్నా మాటలోనే తేలిగ్గా చెప్పవచ్చని నాకు ఆ రోజే తోచింది. మైనస్ రెండు ఎక్కం పైనుంచి కిందికి చదువుదాం. మూడు సార్లు మైనస్ రెండు, మైనస్ ఆరు. రెండు సార్లు, మైనస్ నాలుగు. ఒక సారి, మైనస్ రెండు. సున్నా సార్లు, సున్నా. జవాబులు మాత్రమే వినండి: మైనస్ ఆరు, మైనస్ నాలుగు, మైనస్ రెండు, సున్నా... తర్వాత ఏమిటి? నేను చెప్పేలోపే ఆవిడ 'రెండు' అనేశారు. ప్రతి మెట్టుకూ రెండేసి పెరుగుతోంది మరి. ఆ మెట్టు మైనస్ ఒకటి సార్లు మైనస్ రెండు. జవాబు ప్లస్ రెండు. ఇది నిరూపణ కాదని కూడా ఆవిడకు చెప్పాను. ఇంతవరకు సంఖ్యలు పాటించిన పద్ధతి సున్నా దాటాక కూడా చెడకుండా ఉండాలంటే జవాబు ఇలాగే ఉండాలి. విభాగ న్యాయం (కూడి గుణించినా, విడివిడిగా గుణించి కూడినా ఒకటే అనే నియమం) పేరుతో పాఠ్యపుస్తకాల్లో వచ్చేది ఈ పద్ధతి గురించే.

ఇక నేను అడిగిన ప్రశ్న. ఒక వస్తువు ధర 100. దాన్ని 10 శాతం పెంచారు, తర్వాత ఆ కొత్త ధర మీద 10 శాతం తగ్గించారు. ఇప్పుడు ధర ఎంత?

"వందే కదా," అన్నారు ఆవిడ.

"ఎలా?"

"పది పెరిగింది, పది తగ్గింది."

"ఆ రెండో పది, దేనిలో పది శాతం?"

దానికి జవాబు వెంటనే రాలేదు. హెడ్‌ఫోన్‌లో ఆవిడ ఊపిరి వినిపిస్తోంది. కొంతసేపటికి, "అయ్యో, నూట పదిలో కదా! అంటే పదకొండు తగ్గుతుంది. తొంభై తొమ్మిది," అన్నారు. గొంతులో ఆ మార్పు విని తీరవలసిందే. వేలమంది వింటారని తెలిసి కూడా, మనసులో మొదట తోచిన జవాబును దాచకుండా బయటికి చెప్పారు ఆవిడ. అన్నీ ముందే తెలిసినట్టు తల ఊపే వ్యాఖ్యాత ఎదురుగా ఉంటే ఈ లెక్క నడిచేది కాదు.

తర్వాత వచ్చిన పేచీ ఆ నిశ్శబ్దం గురించి. ఎడిటింగులో ఖాళీలను కత్తిరించడం మామూలు పని. ఆ పనిని కంప్యూటర్ తనంతట తానే చేసిపెట్టే ఏర్పాటు కూడా ఉంది. ఆ ఖాళీ పోతే, ఆవిడ ప్రశ్న వినగానే టకీమని జవాబు చెప్పినట్టు వినిపిస్తుంది. విన్న విద్యార్థి ఏమనుకుంటాడు? తెలివైనవారికి వెంటనే తడుతుంది, నాకు తట్టడం లేదు అనుకుంటాడు. అమెరికాలో మేరీ బడ్ రో అనే పరిశోధకురాలు 1970ల నాటికి సైన్స్ తరగతుల రికార్డింగులు విని, ప్రశ్న వేశాక టీచర్లు సగటున ఒక్క సెకను మాత్రమే ఆగుతున్నారని గమనించారు. ఆ వ్యవధిని మూడు సెకన్లకు పెంచితే పిల్లల జవాబుల నిడివి పెరిగింది, జవాబు చెప్పకుండా ఊరుకోవడం తగ్గింది. మూడు సెకన్లు ఎంతో కాదు కదా అనిపిస్తుంది. క్లాసులో నిలబడి లెక్కపెట్టి చూడండి, ఎంత పొడవో తెలుస్తుంది. రేడియోలోనైతే మూడు సెకన్లు ఊరుకుంటే పక్కగదిలో ఇంజనీరు లేచి నిలబడతారు! చివరికి మా ఇద్దరికీ రాజీ కుదిరింది. ఖాళీ కొంత ఉంచారు. దానికి ముందు, కావాలంటే ఇక్కడ ఆపుకుని మీరూ ఆలోచించండి అనే మాట చేర్చారు. పాడ్‌కాస్ట్ శ్రోతకు ఆ వెసులుబాటు ఉంది. ఈ ఒక్క విషయంలో మా తరగతి గది కన్నా అదే నయం.

పిల్లలు లెక్కలంటే ఎందుకు భయపడతారు అన్న పెద్ద ప్రశ్న కూడా వచ్చింది. దానికి పెద్ద జవాబు చెప్పడం ఇష్టంలేక ఒక పిల్లవాడి సంగతి చెప్పాను. స్టాన్లీ ఎర్ల్‌వాంగర్ అనే పరిశోధకుడు 1973లో ప్రచురించిన అధ్యయనం అది. అందులో ఆరో తరగతి పిల్లవాడికి బెన్నీ అని మారుపేరు పెట్టాడు. వర్క్‌బుక్కులతో ఎవరి వేగంలో వారు చదువుకునే పద్ధతిలో బెన్నీ బాగానే ముందుకు పోతున్నాడు, టీచరు దృష్టిలో మంచి విద్యార్థే. కూర్చోబెట్టి మాట్లాడిస్తే తెలిసింది, భిన్నాన్ని దశాంశంగా మార్చడానికి అతను లవాన్నీ హారాన్నీ కూడి మధ్యలో ఒక చుక్క పెడుతున్నాడని. పదింట అయిదు అంటే 1.5. పదకొండింట నాలుగు కూడా 1.5. నాలుగింట పదకొండు కూడా అంతే. అవి రెండూ ఒకటే కావడం అతనికి వింతగా అనిపించలేదు. గణితమంటే ఎవరో ఎప్పుడో పెట్టిన నియమాల మూట అని అతని నమ్మకం. కొన్ని నియమాలు పనిచేస్తాయి, కొన్ని చేయవు, అంతే. పేపరు దిద్దినంతకాలం ఈ సంగతి ఎవరికీ తెలియలేదు. మాట్లాడనిచ్చి విన్న తర్వాతే తెలిసింది.

ఆఖరున తప్పదుగా, పెద్దయ్యాక బీజగణితం ఎక్కడ వాడతాం అని అడిగారు. చాలామంది ఎక్కడా వాడరు అన్నాను. వాడతారని బుకాయిస్తే పిల్లలు నమ్మరు, నమ్మకూడదు కూడా. అయితే శాతం మాట వినబడగానే 'దేనిలో?' అని అడిగే అలవాటు అబ్బితే, అది రోజూ వాడుకలోకి వస్తుంది.

ఈ ప్రసంగం వింటున్నవారికి ఒక లెక్క. ఈసారి ధర 100 నుంచి ముందు 10 శాతం తగ్గించారు, తర్వాత ఆ తగ్గిన ధర మీద 10 శాతం పెంచారు. ఇందాకటికన్నా ఎక్కువ వస్తుందా, తక్కువ వస్తుందా, లేక అంతే వస్తుందా? లెక్క కట్టే ముందు ఒక జవాబు ఊహించి పక్కనున్నవారికి పైకి చెప్పండి. నేను మాత్రం జవాబు చెప్పకుండానే సెలవు తీసుకుంటాను. నమస్కారం.