అన్న చేసిన గోధుమ బీరుకి 50కి ఎన్ని?

హోస్ట్: అందరికీ నమస్తే. ఇవాళ డాలస్ దగ్గర మా అన్న గ్యారేజీలో కూర్చుని మాట్లాడుతున్నాం. ముందు రెండు సీసాలు, రెండు పొడుగు గ్లాసులు, ఒక మార్కుల కాగితం ఉన్నాయి. అన్నా, ఎన్నో బ్యాచ్ ఇది?

అన్న: పదకొండోది. జర్మన్ హెఫెవైజెన్, అంటే గోధుమ బీరు. 5 గ్యాలన్లు, అంటే 19 లీటర్ల దాకా. సగానికి పైన గోధుమ మాల్టే, అంటే మొలకెత్తించి ఎండబెట్టిన గోధుమలు. తాగినోళ్ళందరూ "సూపర్ అన్నా" అని వెళ్ళిపోతున్నారు. ఆ మాటతో నాకేం తెలుస్తుంది చెప్పు? అందుకే నిన్ను పిలిచా. మొహమాటపడకుండా చెప్పాలి.

హోస్ట్: మొహమాటం ఇంటి దగ్గరే వదిలేసి వచ్చా. ఇండియా నుంచి వింటున్నవాళ్ళకి ఒక్క మాట. అమెరికాలో ఇంట్లో బీరు చేసుకోవడాన్ని ఫెడరల్ చట్టం ఒప్పుకుంది. 1978లో అధ్యక్షుడు కార్టర్ సంతకం పెట్టాడు. ఇద్దరు పెద్దవాళ్ళున్న ఇంటికి ఏడాదికి 200 గ్యాలన్లు, అమ్మకూడదు. మన దగ్గర లైసెన్సు లేకుండా చేస్తే ఎక్సైజ్ కేసు. ఇది విని అక్కడ మొదలుపెట్టకండి.

అన్న: సరే, తీయనా?

[మూత తీసిన చప్పుడు]

హోస్ట్: అడుగున ఈస్ట్ ఉంటుంది కదా, మూడొంతులు పోశాక సీసాని కొంచెం తిప్పి, ఆ మిగిలింది కూడా పోసేయండి. ఆఁ, అలాగే. నురగ చూడండి, ఎంత ఎత్తున నిలబడిందో! తెల్లగా, మీగడలా ఉంది. రంగు ఎండుగడ్డి రంగు, మబ్బుగా ఉంది, ఈ బీరుకి అలాగే ఉండాలి. రూపానికి 3కి 3.

అన్న: మొత్తం 50 కదా?

హోస్ట్: అవును. బీజేసీపీ అని, బీరు జడ్జీలకి పరీక్ష పెట్టే సంస్థ, వాళ్ళ కాగితంలో వాసనకి 12, రూపానికి 3, రుచికి 20, నోట్లో అనిపించేదానికి 5, మొత్తం మీద ఎలా అనిపించిందో దానికి 10. అందుకే పొద్దున్నుంచి ఆవకాయ జోలికి పోలేదు, సెంటు కొట్టుకోలేదు. ఇప్పుడు మాట్లాడకండి, వాసన చూడనివ్వండి.

[కొద్దిసేపు నిశ్శబ్దం]

హోస్ట్: అరటిపండు. బాగా మగ్గిన చక్కెరకేళి తొక్క తీసినప్పుడు వచ్చే వాసన. వెనకాల లవంగం సన్నగా ఉంది. కానీ అన్నా, ఇంకోటి కూడా ఉంది. గ్లాసుని అరచేత్తో మూసి, ఒకసారి ఊపి, చెయ్యి తీసి వెంటనే చూడండి.

అన్న: లవంగమే కదరా అది?

హోస్ట్: లవంగం ముందొచ్చి పోతోంది. ఆ తర్వాత మిగిలేది చూడండి. చిన్నప్పుడు మోకాలికి దెబ్బ తగిలితే ప్లాస్టర్ అంటించేవాళ్ళు, రెండ్రోజులయ్యాక పీకితే వచ్చే వాసన.

అన్న: ... అవును. అయ్యో, ఇప్పుడు అదే వస్తోంది.

హోస్ట్: తాగితే చివర్న గొంతులోనూ నిలుస్తోంది. ఈ బ్యాచ్‌కి నీళ్ళు ఎక్కడివి వాడారు?

అన్న: ఎప్పుడూ దుకాణంలో ఆర్వో నీళ్ళు పట్టుకొస్తా. ఆ రోజు మెషీన్ పని చెయ్యలేదు. ఇంట్లో కుళాయి నీళ్ళే వాడా. మరిగిస్తాం కదా, క్లోరిన్ పోతుందనుకున్నా.

హోస్ట్: అదే. క్లోరిన్ అయితే మరిగిస్తే పోతుంది. ఇక్కడ చాలా ఊళ్ళల్లో కలిపేది క్లోరమిన్, అంటే క్లోరిన్, అమ్మోనియా కలిసింది, అది అంత తేలిగ్గా వదలదు. బీరులో ఫీనాల్స్ అనే వాసన పదార్థాలుంటాయి, వాటితో కలిసి క్లోరోఫీనాల్ అవుతుంది, ఆ ప్లాస్టర్ వాసన దానిదే. లవంగం వాసన కూడా ఫీనాలే, ఈ బీరుకి ఈస్టే దాన్ని తయారుచేస్తుంది. అందుకని హెఫెవైజెన్‌కి నీళ్ళ విషయంలో ఇంకా జాగ్రత్తగా ఉండాలి.

అన్న: కొన్నాళ్ళు ఆగితే పోతుందా?

హోస్ట్: పోదన్నా. ఈ సీసాలు ఇంతే. కానీ మళ్ళీ రాకుండా చూసుకోవడం చాలా తేలిక. క్యాంప్‌డెన్ మాత్ర అని, క్లోరమిన్‌ని తీసేసే సల్ఫైట్ మాత్ర, ఒకటి 20 గ్యాలన్లకి సరిపోతుంది. మీ బ్యాచ్ అంతా అయ్యేసరికి నీళ్ళు ఎనిమిది గ్యాలన్లు పడతాయనుకోండి, సగం మాత్ర పొడి చేసి కలిపితే చాలు. నిమిషాల్లో పని చేస్తుంది.

అన్న: చివర్లో కొంచెం చేదు కూడా ఎక్కువైందా?

హోస్ట్: చేదు కాదది, వగరు. చేదు నాలుక మీద ఉంటుంది, వగరు చిగుళ్ళని పట్టేస్తుంది, పచ్చి జామకాయ కొరికినట్టు. నేను బీరు జడ్జి పరీక్షకి చదువుతున్నప్పుడు పక్కవాళ్ళు ఈ తేడా తెలుసుకోడానికి టీ ఆకు గంటసేపు నానబెట్టి తాగేవాళ్ళు. మనకి ఆ రెండూ ఉగాది పచ్చడిలోనే విడివిడిగా నేర్పారు, వేపపువ్వు చేదు, మామిడి పిందె వగరు. తెలుగు నాలుకకి ఇది పెద్ద బలం, నిజంగా చెప్తున్నా. గింజల్ని కడిగేటప్పుడు నీళ్ళు బాగా వేడిగా పోశారా?

అన్న: థర్మామీటర్ చూడలేదు. పొగలొస్తున్నాయి.

హోస్ట్: 77 డిగ్రీలు దాటితే పొట్టులోంచి వగరు దిగుతుంది. మరీ ఎక్కువేం లేదు, కొంచెమే. వాసనకి 6, రూపానికి 3, రుచికి 11, నోట్లో 4, మొత్తం మీద 5. వెరసి 29.

అన్న: 29...

హోస్ట్: 30 నుంచి "వెరీ గుడ్". ఒక్క మార్కు దూరం. ప్లాస్టర్ వాసన లేకపోతే ఇది హాయిగా 36 దాకా వెళ్ళే బీరు. మరిగించడం, పులియబెట్టడం మీరు చాలా శుభ్రంగా చేశారు. వెన్న వాసన లేదు, పచ్చి ఆపిల్ వాసన లేదు, ఉడకబెట్టిన మొక్కజొన్న పొత్తు వాసన లేదు. కొత్తగా చేసేవాళ్ళు ఎక్కువగా తప్పేది అక్కడే. రెండో సీసా ఏంటి?

అన్న: దీనికి ముందు బ్యాచ్. అదే రెసిపీ, ఆర్వో నీళ్ళతో.

[మూత తీసిన చప్పుడు]

హోస్ట్: అబ్బ! ముందు మీరు చూడండి.

అన్న: లేదు! ఆ వాసన అసలు లేదురా. అరటిపండొక్కటే.

హోస్ట్: ఇందులో లవంగం ఇంకా తక్కువుంది, చూశారా? అది పెంచాలంటే మ్యాష్, అంటే గింజల్ని వేడినీళ్ళల్లో నానబెట్టేటప్పుడు, మొదట్లో 45 డిగ్రీల దగ్గర పావుగంట ఆపండి. గింజలోంచి ఫెరూలిక్ ఆసిడ్ బయటికొస్తుంది, దాన్నే ఈస్ట్ లవంగంగా మారుస్తుంది. పులిసేటప్పుడు వేడి పెరిగితే మటుకు అరటిపండు ఎక్కువైపోతుంది. మీరు ఎంతలో పెట్టారు?

అన్న: 22.

హోస్ట్: 18లో పెట్టి చూడండి.

అన్న: ఆగు, రాసుకోనీ. [బకెట్ మూత మీద మార్కర్ చప్పుడు] నలభై అయిదు, పావుగంట. పద్దెనిమిది. మాత్ర సగం. శనివారం పొద్దున ఏడింటికల్లా వచ్చెయ్, నీళ్ళు నువ్వే పోద్దువుగాని.