కొలవని రోజు

(అనంతపురం జిల్లాలోని ఒక పాలిటెక్నిక్‌లో ఇంజనీర్ల దినోత్సవం నాడు మెకానికల్ విద్యార్థుల ముందు చేసిన ప్రసంగం)

ప్రిన్సిపాల్ గారికి, మేష్టార్లకు, పిల్లలందరికీ నమస్కారం. శాలువా కప్పారు, బొకే ఇచ్చారు, ఫోటోలూ అయిపోయాయి. నాకిచ్చిన టైము అరగంట. అందులో పది నిమిషాలు నా పరిచయానికే సరిపోయింది. ఆ పరిచయంలో నన్ను బేరింగుల నిపుణుడన్నారు. అంత సీను లేదు. నేను ఐటీఐ ఫిట్టర్‌ని. బోరు బండి మీద హెల్పర్‌గా మొదలుపెట్టాను. తర్వాత చమురు బావుల పరికరాలు రిపేరు చేసే షాపులో ఇరవై రెండేళ్ళు పనిచేశాను. ఇప్పుడు మా ఊళ్ళో బోరు మోటర్లు విప్పుకుంటూ కూర్చున్నాను.

విశ్వేశ్వరయ్య గారి గురించి, 1908లో మూసీ వరద గురించి నాకంటే ముందు ముగ్గురు మాట్లాడారు. నేను నాలుగోసారి చెప్పను.

ముందు ఒక పని చేద్దాం. ఈ సంచీలోంచి ఒక ఇనుప రింగు తీస్తున్నాను. పెద్ద కడియంలా ఉంది, బరువు చూడండి. ముందు వరసలో అమ్మాయీ, తీసుకోమ్మా. ఇదిగో వెర్నియర్ కాలిపర్, ఇదిగో కాగితం. రింగు మందం నాలుగు చోట్ల కొలిచి, కాగితం మీద రాసి, పక్కవాళ్ళకివ్వు. చివరి వరస దాకా వెళ్ళి మళ్ళీ నా దగ్గరికి రావాలి. ఎవరూ జేబులో వేసుకోకండి, అది నాకు సెంటిమెంటు. అదేమిటో తర్వాత చెబుతాను.

మా తాతకు ఎడ్లబండి ఉండేది. చక్రం నడిమి దిమ్మలో ఇనుప బుష్ ఒకటి దిగ్గొట్టి ఉంటుంది. ఇరుసు తిరగదు, దాని మీద చక్రం తిరుగుతుంది. ఆముదంలో కాల్చిన గడ్డి మసి కలిపి కందెన చేసేవాడు. నాలుగు రోజులు వేయడం మరిచిపోతే బండి కేకలు ఊరంతా వినపడేవి. 'కందెన వేయని బండికి కావలసినంత సంగీతం' అని మనవాళ్ళు ఊరికే అనలేదు. నేను చెప్పేది మాత్రం కందెన గురించి కాదు, ఆ బుష్ గురించి. అది అరిగిపోతే మా తాత చక్రం మార్చలేదు, ఇరుసూ మార్చలేదు. కమ్మరి దగ్గరికి వెళ్ళి బుష్ మార్పించుకున్నాడు. ఇవాళ నేను మాట్లాడబోయేది మొత్తం అంతే. అరగాల్సిన చోట ఒక వేరే ముక్క పెట్టాలి. ఆ ముక్క ఒక్కటే మార్చుకునేలా ఉండాలి. ఇక ఇంటికి వెళ్ళిపోవచ్చు నేను. (నవ్వులు)

కానీ ఆ ముక్క దేనితో చెయ్యాలి అన్నదగ్గరే అసలు తగాదా.

1839లో అమెరికాలో ఐజాక్ బాబిట్ అనే ఆయన ఒక బేరింగుకు, అంటే తిరిగే షాఫ్టును (ఇరుసును) మోసే అలాంటి ముక్కకే, పేటెంటు తీసుకున్నాడు. గట్టి గుల్ల లోపల మెత్తటి లోహం పోత పోయడం. ఎక్కువ తగరం, కొంచెం యాంటిమొనీ, కొంచెం రాగి. మన షాపుల్లో వైట్ మెటల్ అంటాం. మేకుతో గీస్తే గీత పడేంత మెత్తన. అంత మెత్తటిది బేరింగుకు ఎందుకు? ఒక ఇసుక రేణువు నూనెతో పాటు లోపలికి వచ్చిందనుకోండి. వైట్ మెటల్ దాన్ని తనలోకి దిగబడనిస్తుంది, మింగేస్తుంది. షాఫ్ట్ బతికిపోతుంది. షాఫ్ట్ ఖరీదు వేలల్లో, వైట్ మెటల్ కరిగించి మళ్ళీ పోసుకోవడం మేస్త్రీకి ఒక పూట పని.

అయితే ఒకటీ రెండూ రేణువులైతే మింగుతుంది. బకెట్ల కొద్దీ ఇసుక వస్తే? బోరులో వచ్చేది అదే కదా.

చమురు బావుల్లో మడ్ మోటర్ అని ఒకటుంది. పైనుంచి కిలోమీటర్ల పొడవు గొట్టాలన్నీ తిప్పే పని లేకుండా, బురద ద్రవాన్ని పంపుతో లోపలికి కొడితే ఆ ఒత్తిడికి అడుగున మోటర్ తిరిగి, రాయిని కోసే బిట్‌ను తిప్పుతుంది. ఆ మోటర్ షాఫ్టుకు బేరింగు కావాలి కదా. చాలా మోటర్లలో నూనె, సీలు అనే గొడవే పెట్టుకోరు. పైనుంచి వచ్చే ఆ బురదలోనే కొంత వాటా బేరింగు సందుల్లోంచి పోనిస్తారు. చల్లబరిచేదీ అదే, కందెనా అదే, అరగదీసేదీ అదే. అక్కడ వైట్ మెటల్ పెడితే పూట కూడా ఆగదు. అక్కడ రేణువును మింగకూడదు, పొడి చేసెయ్యాలి. అందుకు రేణువు కంటే గట్టి ముఖాలు రెండు పక్కలా కావాలి.

మన లేత్ షాపుల్లో 'విడియా టూలు' అంటాం. అది పదార్థం పేరనుకుంటారు చాలామంది. అసలు పదార్థం టంగ్‌స్టన్ కార్బైడ్, కోబాల్టుతో అతికింది. జర్మనీలో బల్బుల కంపెనీ ఓస్రామ్‌లో కార్ల్ ష్రోటర్ 1923లో దీనికి పేటెంటు తీసుకున్నాడు. ఫిలమెంటు తీగ లాగే డైలకు వజ్రం కొనలేక మొదలైన పని ఇది. తర్వాత క్రుప్ కంపెనీ దాన్ని విడియా అని అమ్మింది. జర్మన్‌లో 'వజ్రంలాంటిది' అనే మాటను కుదించిన పేరు.

మా షాపులో నేను చేసిన పని ఇదే. స్టీలు స్లీవ్ మీద చిన్న చిన్న విడియా పలకలు, గోడకు టైల్స్ అతికించినట్టు, వెండి సాల్డర్‌తో అతికించడం. పిల్లలూ, ఇది కొంచెం జాగ్రత్తగా వినండి, పరీక్షకు రాదు కానీ ఉద్యోగానికి వస్తుంది. స్టీలు వేడికి ఎంత సాగుతుందో విడియా అందులో ఇంచుమించు సగమే సాగుతుంది. ఎర్రగా కాల్చి అతికించేటప్పుడు రెండూ బాగానే ఉంటాయి. చల్లారేటప్పుడు స్టీలు ఎక్కువ ముడుచుకుంటుంది, విడియా ముడుచుకోనంటుంది. గట్టిదే కానీ పెళుసు, లాగుడు భరించదు. టింగ్ మని చిన్న చప్పుడు. మర్నాడు పొద్దున చూస్తే వెంట్రుకంత పగులు. ఆ చప్పుడు వినపడితే మా ఫోర్‌మన్ టీ గ్లాసు కింద పెట్టేసేవాడు. అందుకే ఒక్క పెద్ద పలక కాకుండా చిన్నవి అతికిస్తాం, మధ్యలో సందు వదులుతాం. ఇంకా నమ్మకం లేకపోతే రెండు సాల్డర్ పొరల మధ్య పలచటి రాగి రేకు పెడతాం. రాగి మెత్తన, ఇద్దరి తగువూ అది భరిస్తుంది. పలక పోతే మళ్ళీ కాల్చి, ఊడదీసి, కొత్తది పెట్టుకోవచ్చు. స్లీవ్ పోదు.

వజ్రం సంగతి త్వరగా చెప్పేస్తాను, మేష్టారు వాచీ చూసుకుంటున్నారు. 1970ల్లో జనరల్ ఎలక్ట్రిక్ వాళ్ళు విడియా బిళ్ళ మీద కృత్రిమ వజ్రం పొర పెట్టిన ముక్కలు తెచ్చారు. యాభై వేల వాతావరణాలకు పైగా ఒత్తిడి, 1400 డిగ్రీల వేడి మీద తయారవుతాయి. పీడీసీ అంటారు. మొదట రాయి కోసే పళ్ళకు, తర్వాత బేరింగులకు. నాణాల్లాంటి బిళ్ళలు ఒక రింగులో వరసగా, ఎదురు రింగులో ఇంకో వరస. వజ్రం మీద వజ్రం జారుతుంది. వజ్రం వేడిని చకచకా పంపించేస్తుంది, అది దాని గొప్పతనం. లోపల మిగిలిన కోబాల్టు దాని బలహీనత. 700 డిగ్రీలు దాటితే పొర పాడవడం మొదలవుతుంది. కాబట్టి అతికించేవాడు టార్చ్ పట్టుకుని నిద్రపోకూడదు.

రింగు ఎంతదాకా వచ్చింది? నాలుగో వరసా? సరే.

ఇప్పుడు ఆ రింగు కథ. అసలు ఈ కాలేజీకి పిలిచినప్పుడు నేను ఎందుకు ఒప్పుకున్నానో మా ఇంట్లోవాళ్ళకు కూడా తెలీదు.

1991 ఎండాకాలం. నాకు ఇరవై మూడేళ్ళు. కదిరి పక్క పల్లెల్లో బోర్లు వేస్తున్నాం. బండి తిరుచెంగోడు నుంచి వచ్చింది. ఆపరేటరు తమిళాయన, నన్ను 'తంబీ' అనేవాడు. రాయిని కొట్టే హామర్ రాడ్ల అడుగున ఉంటుంది, మీరు బొమ్మలో చూసే ఉంటారు. కంప్రెసర్ గాలికి లోపల పిస్టన్ కిందికీ పైకీ కొట్టుకుంటుంది, బటన్ బిట్ రాయిని పొడి చేస్తుంది. దాని ఒళ్ళంతా కప్పి ఉండే గొట్టమే వేర్ స్లీవ్. పేరులోనే ఉంది, అరగడానికి పుట్టింది. లోపలి పక్క పిస్టన్ జారుతూ ఉంటుంది, బయటి పక్క రాతిపొడి ఆ సన్న సందులోంచి పైకి దూసుకుపోతూ ఇసుక్కాగితంలా రుద్దుతూ ఉంటుంది. కింది చివర ముందుగా అరుగుతుంది. కొన్ని రకాలను సగం అరిగాక తిరగేసి బిగించుకోవచ్చు కూడా. మా బండి రూలు ఏమిటంటే, కొత్తది 139 మిల్లీమీటర్ల వ్యాసం, 130కి దిగితే తీసి పక్కన పెట్టాలి. రోజూ పొద్దున కొలిచి పుస్తకంలో రాయాల్సింది నేను.

ఆ రోజు పొద్దున వెర్నియర్ టూల్ బాక్సులో అట్టడుగున ఉంది. పైన చెయిన్లు, పైప్ రెంచీలు. ముందురోజు 131.5 అని రాసి ఉంది. నేను 131 అని రాశాను. అంతే. ఒక అర మిల్లీమీటరు నా సొంతంగా తగ్గించాను, నిజంగా కొలిచినట్టు కనపడాలని. ముందురోజు కొలిచింది కూడా మధ్యలో, చెయ్యి అందినచోట. కింది చివర చూడలేదు, అటూ ఇటూ తిప్పి చూడలేదు. మా రాడ్లలో ఒకటి కొంచెం వంగి ఉండేది. అది ఒకే పక్కన రాసుకుంటూ వస్తోందని ఎవరికీ పట్టలేదు.

రైతు ఇంట్లోంచి ఉగ్గాని, బజ్జీలు వచ్చాయి. ఎద్దుల జత అమ్మి వేయిస్తున్న బోరు అది. అప్పటికి రెండు విఫలమయ్యాయి. సాయంత్రానికి 380 అడుగులు దాటాం. అప్పటిదాకా తెల్లగా లేచిన పొడి లేవడం ఆగింది. రాతి ముక్కలు తడిగా వచ్చాయి. తర్వాత బురద. రైతు ఆ బురద అరచేతిలోకి తీసుకుని వాసన చూసి, 'నీళ్ళు పడినట్టే కదప్పా?' అన్నాడు నాతో. ఆపరేటరుతో కాదు, నాతో. 'పడినట్టే అన్నా' అన్నాను.

పావుగంటకు చప్పుడు మారింది. హామర్ దెబ్బ వినపడటం ఆగి, గాలి ఒక్కటే ఉస్సుమని వస్తోంది. రాడ్లు పైకి తీశాం. సగం హామర్ వచ్చింది. కింది భాగం, పిస్టన్, బిట్ అన్నీ బోరులో ఉండిపోయాయి. స్లీవ్ కింది మరల దగ్గర తెగింది. రెండు రోజులు ఏవేవో కొక్కేలు దించాం, రాలేదు. ఆ బోరు వదిలేశారు. నలభై అడుగుల దూరంలో ఇంకోటి వేశారు. అందులో చివరిదాకా పొడే లేచింది.

ఆపరేటరు పుస్తకం అడిగాడు. చూశాడు. '131 ఉంది కదా తంబీ, రాయి పాడుది' అన్నాడు. అందరూ రాయిదే తప్పన్నారు. రైతు అడుగుకింత చొప్పున రెండు బోర్లకూ లెక్క కట్టి ఇచ్చాడు. నేను నోరు విప్పలేదు. పైకొచ్చిన ముక్కలోంచి, తెగినచోటికి కాస్త పైన, ఒక రింగు కోసుకుని దాచుకున్నాను. మీ చేతుల్లో తిరుగుతున్నది అదే. ఇన్నేళ్ళలో ఈ మాట ఎవరికీ చెప్పలేదు, మా ఆవిడకు కూడా. ఆ రైతు ఇప్పుడు లేడు. కొడుకు బెంగళూరులో ఉన్నాడని విన్నాను.

కొంచెం నీళ్ళివ్వండి.

ఇంకా చెప్పాలని చాలా రాసుకొచ్చాను. కింగ్స్‌బరీ అనే ఇంజనీరు గురించి ఒక్క మాట చెప్పకపోతే అన్యాయం. అమెరికాలో పెన్సిల్వేనియాలో సస్క్వెహానా నది మీద హోల్ట్‌వుడ్ అనే జలవిద్యుత్ కేంద్రం ఉంది. 1912లో అక్కడ దాదాపు 220 టన్నుల బరువు మోసే బేరింగు పెట్టాడాయన. మొదటిసారి పాడయింది. బాగుచేసి మళ్ళీ దించాడు, ఆ తర్వాత దశాబ్దాలు తిరిగింది. ఆస్ట్రేలియాలో మిచెల్ అనే ఆయన అంతకు ముందే, 1905లో, ఇదే ఊహకు పేటెంటు తీసుకున్నాడు. కిటుకు ఏమిటంటే, బరువంతా ఒకే పళ్ళెం మీద పెట్టకుండా విడి విడి ముక్కల మీద పెట్టడం, ఒక్కో ముక్క కొంచెం ఒరిగేలా చేయడం. ఒరిగిన సందులోకి నూనె దూరి పలచటి పొరగా నిలుస్తుంది. లోహం లోహాన్ని తాకనే తాకదు. ఇది ఎక్కడో అమెరికాలో ఉందనుకోకండి. మీ నాన్న బోరులో దించిన సబ్‌మెర్సిబుల్ మోటర్ అడుగున ఉండే కార్బన్ బేరింగు ఉంది చూశారా, దాని కింద కదిలే స్టీలు ముక్కలు ఉంటాయి. అదే ఇది. నూనె బదులు నీళ్ళు. అందుకే మోటరు దించేముందు లోపల మంచినీళ్ళు నింపమని నెత్తీ నోరూ బాదుకుంటాం. నింపరు.

ఇప్పుడు నా కడుపుమంట. పోయిన ఏడాది ఒక మోటరుకు ఆ చిన్న ముక్కలు మాత్రమే కావాలని ఒక డీలర్‌ను అడిగాను. 'విడిగా రావండీ, అడుగు భాగం సెట్టుగా కొనాలి' అన్నాడు. సెట్టు ధరకు ఇంకొంచెం కలిపితే కొత్త మోటరే వస్తుంది. నాలుగు వేళ్ళలో పట్టే ముక్కలకు మోటరంతా పారేయాలా? మా తాతకు బుష్ మార్చిన కమ్మరి ఈ మాట వింటే సుత్తి విసిరేవాడు. మీలో రేపు ఎవరైనా డిజైన్ డిపార్టుమెంటులో కూర్చుంటే, డ్రాయింగు మీద సంతకం పెట్టేముందు ఒక్కసారి ఆ ముక్కను విప్పడానికి స్పానర్ ఎక్కడ పెడతాడో చూడండి. బోల్టు పట్టే చోటుందా, లేక ప్రెస్ చేసి మూసేశారా? రాత్రిపూట సెల్‌ఫోన్ లైటులో పొలంలో కూర్చుని విప్పేవాడిని ఒకసారి తలుచుకోండి.

ఇందాక మింగడం, పొడి చేయడం అన్నాను కదా, ఇంకో దారి మరిచాను. రబ్బరు. 1920ల్లో కాలిఫోర్నియాలో షెర్‌వుడ్ అనే గని ఇంజనీరు, పంపు బేరింగు పోతే చేతికి దొరికిన రబ్బరు గొట్టం ముక్క దూర్చాడు. అది అసలు బేరింగు కంటే ఎక్కువ రోజులు నడిచింది. రబ్బరు నొక్కుకుని ఇసుకను పోనిస్తుంది, ఆ ఇసుక గాడుల్లోంచి నీళ్ళతో పాటు కొట్టుకుపోతుంది. గట్టితనం ఒక్కటే మందు కాదని చెప్పడానికి దీన్ని మొదట్లో పెట్టాల్సింది. వయసు మీద పడింది.

ఆ, రింగు వచ్చింది. కాగితం కూడా ఇవ్వమ్మా.

పద్నాలుగు మంది రాశారు. పైన మొదటి అమ్మాయి 9.8 అని రాసింది. కింద 9.8, 9.8, 9.8... పద్నాలుగూ అదే. నాలుగు చోట్ల అన్నాను కదా, ఒక్కొక్కరూ ఒక్కో అంకే రాశారు. ఈ రింగు ఒక పక్క పదకొండు దాటుతుంది, ఇంకో పక్క ఎనిమిది కూడా ఉండదు. నవ్వకండి, నేను తిట్టడం లేదు. నేను రాసిన 131 కూడా ఇలాంటిదే.

మేష్టారూ, ఇంకో ఐదు నిమిషాలు ఇవ్వండి. కొత్త కాగితం తీసుకోండి. రింగు మళ్ళీ పంపిస్తున్నాను, ఈసారి వెనక వరస నుంచి మొదలుపెట్టండి.