మచ్చా, గుంటా? ముందు అది తేల్చుకోండి

నమస్తే అండీ. ముందు ఒక పని చేస్తా, ఉండండి. ఎదురుగా ఉన్న ఈ రింగ్ లైట్ ఆపేస్తున్నా. ఇప్పుడు పక్క కిటికీలోంచి వచ్చే వెలుగు ఒక్కటే ఉంది. చూడండి, ఇక్కడ, ఎడమ బుగ్గ మీద. ఇందాక కనిపించలేదు కదా, మొటిమలు మిగిల్చిన ఈ గుంటలు? పోయి రాలేదు, అక్కడే ఉన్నాయి. పక్క నుంచి వెలుగు పడితే నీడ పడుతుంది, నీడ పడితేనే గుంట తెలుస్తుంది.

ఇప్పుడిదెందుకంటే, గుంటూరులో ఉండే మా పిన్ని కూతురు మొన్న ఫోన్ చేసింది. రెండు నెలల్లో పెళ్లి. "అక్కా, విజయవాడలో ఒక చోట ఒక్క సిట్టింగ్‌లో మచ్చలన్నీ పోతాయంటున్నారు, అడ్వాన్స్ కట్టెయ్యనా?" అంది. కట్టొద్దన్నా. ముందు కిటికీ పక్కన నిలబడి అద్దంలో చూసుకోమన్నా.

ఎందుకంటే మనం మచ్చలు అనే ఒక్క మాటలో రెండు వేర్వేరు సంగతుల్ని కలిపేస్తాం. మొటిమ మానాక గోధుమ రంగులోనో, నల్లగానో మిగిలేది రంగు మాత్రమే. వేలితో తడిమితే చర్మం సాఫీగానే ఉంటుంది. అది నెలల్లో దానంతట అదే తగ్గుతుంది, కాకపోతే ఎండ తగిలితే ఇంకా ముదురుతుంది. మే నెలలో మధ్యాహ్నం బెంజి సర్కిల్ దగ్గర సిగ్నల్ పడి స్కూటీ మీద ఆగిన వాళ్లకి ఎండ సంగతి నేను చెప్పక్కర్లేదు. చున్నీ కట్టుకున్నా సరే, లోపల ఎస్‌పీఎఫ్ 30 తగ్గని సన్‌స్క్రీన్ ఉండాలి. అదీ చూపుడు వేలు, మధ్య వేలు పొడవునా గీత గీసినంత. బొట్టు పెట్టుకున్నంత కాదు.

గుంట అలా కాదు. అక్కడ చర్మాన్ని లోపల బిగువుగా నిలబెట్టే కొల్లాజెన్ అనే ప్రోటీన్ పాడైపోయింది. క్రీములతో అది పూడదు. వేలకు వేలు పోసి సీరమ్‌లు కొనేవాళ్లను చూస్తే నాకు బాధగా ఉంటుంది.

అసలు గుంట ఎప్పుడు పడుతుందో తెలుసా? మొటిమ ఎర్రగా, నొప్పిగా లోపల రగులుతున్న ఆ రోజుల్లోనే. ఆ వాపు ఎన్నాళ్లుంటే అంత నష్టం. గిల్లితే చీము బయటికే వస్తుందనుకుంటాం, కొంత లోపలికి కూడా పోతుంది. కాబట్టి "వయసు మొటిమలే, అవే పోతాయిలే" అని పెద్దవాళ్లు అంటే వినకండి. మొటిమలు పోతాయి. గుంటలు ఉండిపోతాయి.

నా విషయంలో జరిగింది అంతకంటే ఘోరం. ఇంటర్ విజయవాడలో హాస్టల్లో ఉండి చదివా. మొటిమలు విపరీతం. దగ్గర్లో ఒక మెడికల్ షాపులో అడిగితే ట్యూబ్ ఒకటి ఇచ్చారు. నాలుగు రోజుల్లో మొహం మెరిసిపోయింది! రూమ్‌లో అందరం అదే రాశాం. ఆపిన వారానికి మంట, ఎరుపు, ముందుకంటే రెట్టింపు మొటిమలు. అది స్టెరాయిడ్ క్రీమ్. బీటామెథసోన్, క్లోబెటసాల్, మొమెటసోన్, ట్యూబ్ మీద ఈ పేర్లుంటే మొటిమలకు రాయకండి. 2018లో ఇలాంటి క్రీములను డాక్టర్ చీటీ లేకుండా అమ్మకూడదన్న జాబితాలో చేర్చారు. అయినా అడిగితే ఇచ్చేవాళ్లు ఉన్నారు.

మరి ఏం రాయాలి? అడాపలీన్ అనే మొటిమల మందు. రాత్రి పూట శనగ గింజంత, మొటిమ మీద మాత్రమే కాదు, మొహమంతా పల్చగా. మొదటి వారాల్లో పొట్టు లేస్తుంది, రెండు మూడు నెలలు ఓపిక పట్టాలి. గర్భం కోసం చూస్తున్నవాళ్లు మాత్రం డాక్టర్‌ని అడక్కుండా రాయొద్దు. దానితో పాటు బెంజాయిల్ పెరాక్సైడ్ ఇస్తారు, బాగా పనిచేస్తుంది, కానీ బట్టల రంగు తినేస్తుంది. మా అమ్మ కొత్త దిండు గలీబులు పాడుచేసి నేను తిన్న తిట్లు ఇప్పటికీ గుర్తే. గడ్డల్లాంటి మొటిమలకు ఐసోట్రెటినాయిన్ మాత్రలుంటాయి. గర్భిణులు అస్సలు వేసుకోకూడదు, బిడ్డకు అంగవైకల్యం వచ్చే ప్రమాదం ఉంది. కాబట్టి డాక్టర్ చేతి మీదుగానే. గుంటూరు, విజయవాడ ప్రభుత్వాసుపత్రుల్లో చర్మవ్యాధుల ఓపీలున్నాయి, అక్కడైనా చూపించుకోండి. నిమ్మరసం, టూత్‌పేస్ట్ జోలికి పోవద్దు, చర్మం కాలుతుంది.

ఇక పడిపోయిన గుంటలకు. అన్నీ ఒక రకం కావు. సూదితో పొడిచినట్టు సన్నగా, లోతుగా ఉన్నవాటికి టీసీఏ అనే ఆమ్లాన్ని పుల్ల మొనతో ఆ రంధ్రంలోనే అద్దుతారు. బ్యారేజ్ పైన నిలిచిన నీళ్లలో అలల్లా ఎత్తుపల్లాలుగా ఉంటే, చర్మాన్ని కిందికి లాగిపట్టిన పోగులను లోపల సూదితో తెంచుతారు, దాన్ని సబ్‌సిషన్ అంటారు. అంచులు నిటారుగా ఉన్నవాటికి మైక్రోనీడ్లింగ్ (సన్నటి సూదులతో చర్మాన్ని గుచ్చడం), లేజర్ లాంటివి. సిట్టింగ్‌కీ సిట్టింగ్‌కీ మధ్య కనీసం నెల, కొల్లాజెన్ పూర్తిగా కట్టడానికి ఇంకొన్ని నెలలు. మన రంగు చర్మం మీద లేజర్ జోరెక్కువైతే కొత్తగా నల్ల మచ్చలొస్తాయి. పూర్తిగా నున్నగా అవుతుందని ఎవరైనా హామీ ఇస్తే చెప్పులేసుకుని వచ్చేయండి. తగ్గుతాయి, అంతే. నావి ఐదు సిట్టింగ్‌ల తర్వాత ఇలా ఉన్నాయి, చూశారుగా.

మా చెల్లి చివరికి స్కిన్ డాక్టర్ దగ్గరికెళ్లింది. ఉన్నవాటిలో ఎక్కువ భాగం రంగే, గుంటలు నాలుగైదే అన్నారట. ఇప్పటికి సన్‌స్క్రీన్, ఒక క్రీము. గుంటల సంగతి పెళ్లయ్యాక. ఫొటోగ్రాఫర్‌తో మాత్రం ముందే మాట్లాడుకోమన్నా, పక్క నుంచి లైట్ పెట్టొద్దని.