లిటిల్ అండమాన్‌లో ఉండబోయేవారికి నాలుగు మాటలు

అందరికీ నమస్కారం.

సెల్యులార్ జైలు, రాధానగర్ బీచి చూసొచ్చినవాళ్ళు మన విశాఖలో వీధికొకరు ఉంటారు. వాటి గురించి నేను కొత్తగా చెప్పేదేమీ లేదు. ఇవాళ మాట్లాడేది ఇంకా దక్షిణాన, పోర్ట్‌బ్లెయిర్‌కి సుమారు 120 కిలోమీటర్ల దూరంలో ఉన్న లిటిల్ అండమాన్ గురించి. అన్నట్టు, 2024 సెప్టెంబరు నుంచి పోర్ట్‌బ్లెయిర్ పేరు శ్రీ విజయపురం. టికెట్ మీద ఏ పేరు ఉన్నా కంగారు పడకండి, ఊరు ఒకటే. నేను పాత అలవాటు కొద్దీ పోర్ట్‌బ్లెయిర్ అనే అంటాను.

ముందుగా ఒక్క విషయం ఒప్పుకుని బయల్దేరాలి. అక్కడ మన ప్రోగ్రాం మనం వెయ్యం, ఓడ వేస్తుంది. గది ముందు బుక్ చేసి, తరవాత ఓడ సంగతి చూసుకుందాం అనుకున్నవాళ్ళే ఎక్కువ అవస్థ పడతారు. లిటిల్ అండమాన్‌లో ఓడ ఆగే ఊరు హట్‌బే. పోర్ట్‌బ్లెయిర్‌లోని ఫీనిక్స్ బే జెట్టీ నుంచి ప్రభుత్వ ఓడలు వెళ్తాయి. ఆరు నుంచి ఎనిమిది గంటల ప్రయాణం. టికెట్లు వారాల ముందు దొరకవు. కొద్ది రోజుల ముందే ఇస్తారు. ద్వీపవాసులకి అది రోజువారీ అవసరం కాబట్టి వాళ్ళకి ప్రాధాన్యం ఉంటుంది, ఉండాలి కూడా. ఆధార్ కార్డు చేతిలో పెట్టుకుని వెళ్ళండి. టికెట్ చేతికొచ్చాక అప్పుడు హట్‌బేలో లాడ్జికి ఫోన్ చెయ్యండి. హెలికాప్టర్ కూడా ఉంది కానీ సీట్లు చాలా తక్కువ. పైగా రోగులెవరైనా ఉంటే వాళ్ళే ముందు. దాని మీద ఆశ పెట్టుకుని ప్లాను వెయ్యకండి.

దారిలో డంకన్ పాసేజ్ అనే జలసంధి దాటాలి. గాలి ఉన్న రోజు అక్కడ ఓడ బాగా ఊగుతుంది. వాంతుల మాత్ర ఓడ ఎక్కడానికి అరగంట ముందే వేసుకోండి. కడుపులో తిప్పడం మొదలయ్యాక వేసుకుంటే మాత్ర కూడా బయటికే వస్తుంది. పొద్దున రెండు ఇడ్లీలు తినండి చాలు, పూరీల జోలికి పోకండి.

తిరుగు ప్రయాణం ఇంకా ముఖ్యం. ఓడ అంటే ఆర్టీసీ బస్సు కాదు, ఒకటి తప్పితే గంటలో ఇంకోటి రాదు. సముద్రం బాగాలేకపోతే ఓడ కదలదు, ఎవరు బతిమాలినా కదలదు. 2016 డిసెంబరులో, అంటే సరిగ్గా టూరిస్టుల సీజన్‌లో, తుపాను వాతావరణం వల్ల హావ్‌లాక్, నీల్ ద్వీపాల్లో వెయ్యి మందికి పైగా చిక్కుకుపోయారు. నౌకాదళం వెళ్ళి తీసుకురావాల్సి వచ్చింది. అవి పోర్ట్‌బ్లెయిర్‌కి దగ్గర ద్వీపాలు, రోజూ పడవలుండేవి. హట్‌బే ఇంకెంత దూరమో మీరే లెక్కేసుకోండి. అందుకే విమానం రోజుకి కనీసం రెండు రోజుల ముందు పోర్ట్‌బ్లెయిర్ చేరుకునేలా చూసుకోండి. ఆ రెండు రోజులు దండగ అనిపిస్తే అక్కడ జైలు, మ్యూజియాలు ఉన్నాయి, బజార్లో తెలుగు వినిపిస్తూ ఉంటుంది. 2011 జనగణన ప్రకారం అండమాన్ నికోబార్‌లో ప్రతి వంద మందిలో 13 మంది మాతృభాష తెలుగు. శ్రీకాకుళం, విశాఖ వైపు నుంచి వెళ్ళి స్థిరపడినవాళ్ళు చాలామంది. వాళ్ళలో చేపల పని చేసేవాళ్ళెవరైనా పరిచయమైతే రేపు సముద్రం ఎలా ఉంటుందో అడగండి. నా ఫోన్లో వాతావరణం యాప్ కన్నా వాళ్ళ మాట మీదే నాకు గురి.

హట్‌బేలో దిగాక దారి తప్పే ప్రసక్తి లేదు. తూర్పు తీరం వెంబడి ఒక్కటే పెద్ద రోడ్డు. జెట్టీ నుంచి ఎన్నో కిలోమీటరు అన్నదే చాలా చోట్ల అడ్రసు. బట్లర్ బే బీచి సుమారు 14వ కిలోమీటరు దగ్గర. స్కూటర్ అద్దెకి తీసుకుంటే పెట్రోలు ముందే నింపించుకోండి. గదులు సాదాసీదాగా ఉంటాయి. ఏసీ కన్నా ముందు దోమతెర ఉందా అని అడగండి. కరెంటు ఎక్కువగా డీజిల్ జనరేటర్ల మీదే ఆధారం, కాబట్టి పవర్ బ్యాంకు, టార్చిలైటు తప్పనిసరి. 2020లో చెన్నై నుంచి సముద్రం అడుగున సుమారు 2,300 కిలోమీటర్ల కేబుల్ వేశారు, లిటిల్ అండమాన్‌కీ వచ్చింది. అయినా ఫోన్‌పే నమ్ముకుని వెళ్ళకండి. మొత్తం ఖర్చుకి సరిపడా నోట్లు, అందులో వందలు ఎక్కువగా, పోర్ట్‌బ్లెయిర్‌లోనే తీసిపెట్టుకోండి.

తిండి అంటే అన్నం, చేప, పప్పు. తూర్పు పాకిస్తాన్ నుంచి వచ్చిన బెంగాలీ కుటుంబాలు ఎక్కువ కాబట్టి వంట కూడా ఆవనూనె వాసనతో వాళ్ళ పద్ధతిలోనే ఉంటుంది. కూరగాయల్లో చాలా రకాలు ఓడలో రావాల్సిందే. రెండు ఓడలు రద్దయితే కొట్లో టమాటాలు కనపడవు. శాకాహారులు కందిపొడి పట్టుకెళ్తే మంచిది.

ఇంకోటి, అక్కడ గడియారం మనదే కానీ సూర్యుడు మన టైముకి రాడు. మన గడియారానికి ఆధారం కాకినాడ మీదుగా పోయే రేఖాంశం. హట్‌బే దానికి పది డిగ్రీలు తూర్పున ఉంది. అంటే పొద్దు 40 నిమిషాలు ముందే వాలుతుంది. డిసెంబరులో సాయంత్రం అయిదుకే సూర్యాస్తమయం. మధ్యాహ్నం భోంచేసి, కాస్త నడుం వాల్చి బీచికి పోదాం అనుకుంటే చీకట్లో తిరిగి రావాలి.

చీకటి సంగతి ఎందుకింత చెప్తున్నానంటే, మొసళ్ళు. ఉప్పునీటి మొసళ్ళు ఇక్కడ ఉన్నాయి, పెద్దవి. సముద్రంలో వాగు కలిసేచోట, మడ అడవుల పక్కన, పొద్దు వాలే వేళ నీళ్ళలో దిగొద్దు. బోర్డు లేదు కదా అని ధైర్యం చెయ్యొద్దు. 2010లో హావ్‌లాక్‌లో ఒక విదేశీ పర్యాటకురాలిని మొసలి చంపేసింది. అక్కడి పిల్లలు ఎక్కడ ఈదుతున్నారో చూసి అక్కడే దిగండి. ఇసుక ఈగలు ప్రాణం తియ్యవు కానీ నిద్ర పాడుచేస్తాయి. కొబ్బరినూనె రాసుకుంటే కొంత నయం, గోకితే పుండు పడుతుంది. వాన నీళ్ళు నిలిచిన చోట చెప్పుల్లేకుండా నడవకండి, లెప్టోస్పైరోసిస్ జ్వరం అండమాన్‌లో పాత సమస్య.

ద్వీపంలో కొంత భాగం ఓంగే తెగవారి రిజర్వు. వందకి కాస్త పైగా మాత్రమే మిగిలిన మనుషులు. 1956 నాటి చట్టం ప్రకారం అక్కడికి వెళ్ళడం నేరం. డబ్బులిస్తే తీసుకెళ్తాం అని ఎవరైనా అంటే మర్యాదగా వద్దనండి. వాళ్ళని చూడకపోతే మన ట్రిప్పుకొచ్చిన లోటేమీ లేదు. వాళ్ళ దగ్గర నేర్చుకోవాల్సింది మాత్రం ఒకటుంది. 2004 డిసెంబరు 26న సముద్రం వెనక్కి వెళ్ళడం చూసి వాళ్ళు ఎత్తు మీదికి వెళ్ళిపోయి బతికారు. హట్‌బే మాత్రం బాగా దెబ్బతింది. భూమి గట్టిగా కదిలినా, నీళ్ళు ఉన్నట్టుండి తీరం నుంచి తగ్గిపోయినా, ఫోన్ తీసి వీడియో తియ్యకుండా ఎత్తుకి పరుగెత్తండి. లాడ్జిలో దిగిన రోజే ఎత్తు ఏ వైపు ఉందో అడిగి పెట్టుకోండి.

చివరగా, సెలవు నాలుగైదు రోజులే ఉన్నవాళ్ళు, డయాలసిస్ లాంటి వైద్యం దగ్గర్లో ఉండాల్సినవాళ్ళు హట్‌బే వెళ్ళొద్దని నా సలహా. పెద్ద ఆస్పత్రి పోర్ట్‌బ్లెయిర్‌లోనే. వాళ్ళు నీల్, అదే ఇప్పటి షహీద్ ద్వీప్‌కి వెళ్ళండి, ఫెర్రీలో రెండు గంటల లోపో, కాస్త అటూఇటూగానో చేరతారు. మిగతావాళ్ళకి జనవరి నుంచి ఏప్రిల్ మధ్య సముద్రం నెమ్మదిగా ఉంటుంది.

ఇక మీరు అడగండి. ఓడ టికెట్ల గురించి అడిగేవాళ్ళకి మొదటి అవకాశం.