ట్యూబులోంచి గాలి పోతున్న చప్పుడు

శ్రోతలకు నమస్కారం.

సైకిల్ ట్యూబుకు చిల్లు ఎక్కడ పడిందో ఎలా కనిపెడతారు? పంక్చర్ షాపులో ఒక బేసిను నిండా నీళ్ళుంటాయి. ట్యూబుకు గాలి కొట్టి, కొంచెం కొంచెంగా ఆ నీళ్ళలో ముంచి తిప్పుతుంటే ఒకచోట బుడబుడమని బుడగలొస్తాయి. చిల్లు దొరికినట్టే. ఆదోనిలో నేను నిక్కరు వేసుకుని తిరిగిన రోజుల నుంచీ చూస్తున్న పద్ధతి ఇది. నీళ్ళు లేకుండా, ఊరికే చెవితో విని చిల్లు పట్టుకున్న రోజు నా జీవితంలో ఒక్కటే ఉంది. అది స్కాట్లాండులో, కొండల మధ్య, లాఖ్ కాట్రిన్ అనే సరస్సు ఒడ్డున. లాఖ్ అంటే అక్కడివాళ్ళ మాటలో సరస్సు. ఆ ‘ఖ్’ని గొంతులోంచి గీరినట్టు పలకాలి. నాకు మూడు వారాలకు పట్టుబడింది.

మా అమ్మాయి గ్లాస్గోలో ఉంటుంది. పోయిన జూన్‌లో వెళ్ళాను. వచ్చిన తల్లిదండ్రులందరినీ పిల్లలు ఎడింబరో కోటకు తీసుకెళ్ళి ఫొటో తీసి పంపిస్తారు. నాకూ ఆ ఫొటో ఉంది. ఆ తర్వాత నేను అడిగింది ఒక్కటే. "అమ్మా, కార్లు లేని రోడ్డు మీద ఒక్కరోజు సైకిల్ తొక్కాలి. ఉందా అలాంటి రోడ్డు?"

ఉంది. గ్లాస్గో నుంచి ఉత్తరంగా కారులో గంటలోపే అబర్‌ఫోయిల్ అనే చిన్న ఊరు వస్తుంది. అక్కడి నుంచి ట్రొసాక్స్ అనే కొండ ప్రాంతం మొదలు. స్కాట్లాండు మొదటి జాతీయ ఉద్యానవనం, 2002లో ఏర్పాటైంది, ఈ ప్రాంతాన్ని కలుపుకునే ఉంది. అబర్‌ఫోయిల్‌లో బయల్దేరి, డ్యూక్స్ పాస్ అనే కనుమ ఎక్కి దిగి, లాఖ్ కాట్రిన్ ఉత్తరపు ఒడ్డు వెంట పోయి, స్ట్రోనాక్లాకర్ అనే రేవు చేరి, లాఖ్ కాన్, లాఖ్ ఆర్డ్ అనే రెండు చిన్న సరస్సుల పక్కగా మళ్ళీ అబర్‌ఫోయిల్‌కే తిరిగి రావచ్చు. మొత్తం దాదాపు 50 కిలోమీటర్లు. పేర్లు గుర్తుండకపోయినా ఫర్వాలేదు. ఎక్కడ బయల్దేరామో అక్కడికే వస్తాం, అది గుర్తుంటే చాలు.

కనుమ గురించి ఎక్కువ చెప్పను. పంతొమ్మిదో శతాబ్దంలో ఒక డ్యూకు వేయించిన రోడ్డు, అందుకే ఆ పేరు. ఊరు దాటీదాటగానే ఎక్కుడు. రెండువందల మీటర్లకు పైగా ఎక్కాలి. మా అల్లుడి గేర్ల సైకిల్ మీద కూడా రెండుచోట్ల దిగి నడిపించాను, దాచుకోవడం ఎందుకు. పొద్దున్నే వెళ్తే కార్లు ఉండవు, పది దాటితే మొదలవుతాయి.

అడవి మాత్రం చెప్పాలి. అక్కడ రెండు రకాల అడవులున్నాయి. మొదటి ప్రపంచయుద్ధంలో కలపకు కటకటలాడి, 1919లో ప్రభుత్వం అటవీ కమిషన్ పెట్టి, ఉత్తర అమెరికా పడమటి తీరపు స్ప్రూస్ చెట్టును కొండల నిండా నాటించింది. అవి ప్రార్థనకు నిలబెట్టిన పిల్లల్లా వరసగా, ఒకే ఎత్తున, కదలకుండా ఉంటాయి. లోపల చీకటి. ముప్పై ఏళ్ళు బడిపంతులుగా చేసినవాణ్ణి, అలాంటి వరసలు చాలా చూశాను. నాకెందుకో నచ్చలేదు. రెండోది సరస్సు ఒడ్డున ఉన్న పాత అడవి. ఓక్, బర్చ్ చెట్లు, కింద నాచు పట్టిన రాళ్ళు. అవి బడి గంట కొట్టాక పిల్లల్లా ఉంటాయి, ఎవరికి తోచినట్టు వాళ్ళు. అందులో ఒక కోకిల కూసింది. మన కోకిల కింది నుంచి పైకి లేస్తూ పోతుంది కదా, ‘కుఊ... కుఊ...’ అని. వాళ్ళది పైనుంచి కిందికి దిగుతుంది. రెండే రెండు స్వరాలు. పాట మొదలుపెట్టి మానేసినట్టు.

ఆ కనుమ దిగితే లాఖ్ కాట్రిన్ రేవు. అక్కడ ఒక గేటు. గేటుకు అవతల కార్లు లేవు.

కార్లు లేవు అంటే తక్కువ అని కాదు. దాదాపు 20 కిలోమీటర్ల తారురోడ్డు, అక్కడ పనిచేసేవాళ్ళ బండ్లు, ఆ ఒడ్డున కాపురం ఉండేవాళ్ళ బండ్లు తప్ప వేరే మోటారు బండికి ప్రవేశం లేదు. నడిచేవాళ్ళూ సైకిళ్ళూ మాత్రమే. ఎందుకలా? సైకిల్ తొక్కేవాళ్ళ మీద ప్రేమతో కాదు. నీళ్ళ కోసం. ఆ సరస్సు గ్లాస్గో నగరం తాగే నీళ్ళు.

ఇక్కడ మా సీమ మాట ఒకటి చెప్పుకోవాలి. థామస్ మన్రో పేరు రాయలసీమలో తెలియనివాళ్ళు తక్కువ. దత్తమండలాల కలెక్టరు. 1761లో గ్లాస్గోలో పుట్టాడు. మద్రాసు గవర్నరుగా పర్యటనకొచ్చి, 1827 జూలైలో మా పత్తికొండలో కలరాతో పోయాడు. ఆ కలరా ఐదేళ్ళు తిరక్కుండానే, 1832లో, ఆయన పుట్టిన గ్లాస్గోకి చేరింది. మళ్ళీ 1848లో వచ్చింది. ఊరంతా క్లైడ్ నది మురికి నీళ్ళు, బావినీళ్ళు తాగుతోంది మరి. చివరికి బేట్‌మన్ అనే ఇంజనీరు, కొండల్లో ఉన్న ఈ సరస్సు నుంచి 26 మైళ్ళ కాలువ తవ్వించాడు. సొరంగాలు తొలిచి, వాగుల మీద వంతెనలు కట్టి. పంపు అన్నది లేదు. మైలుకు పది అంగుళాల వాలు, అంతే. నీళ్ళు వాటంతట అవే నడిచి నగరానికి పోతాయి. 1859 అక్టోబరులో విక్టోరియా రాణి వచ్చి ప్రారంభించింది. ఆమె గౌరవార్థం పేల్చిన ఫిరంగుల మోతకు, ఆమె విడిది కోసమే కట్టిన ఇంటి అద్దాలు పగిలిపోయాయని చెప్పుకుంటారు. ఇప్పుడు ఆ ఒడ్డున నిలబడితే ఆ మాట నమ్మబుద్ధి కాదు.

నీళ్ళు శుభ్రంగా ఉండాలని తర్వాత ఆ కొండల మీది గొర్రెల మందల్ని కూడా తీసేశారు. గొర్రెలు మేసిన చోట ఇప్పుడు ఆ నేలవే అయిన చెట్లు పెరుగుతున్నాయి. రోడ్డు నిశ్శబ్దమూ నీళ్ళ వల్లే, అడవీ నీళ్ళ వల్లే.

ఇప్పుడు ట్యూబు దగ్గరికి వస్తాను.

ఒడ్డు వెంట సగానికి పైగా పోయాం. అది రాబ్ రాయ్ మెక్‌గ్రెగర్ పుట్టిన చోటు, 1671లో. పశువుల్ని తోలుకుపోయే దొంగ అని కొందరు, వీరుడని కొందరు. మనకూ అలాంటివాళ్ళు ఉన్నారు లెండి. ఆ మెక్‌గ్రెగర్ వంశంవాళ్ళ సమాధులు, చుట్టూ రాతిగోడతో, నీళ్ళలోకి చొచ్చుకుపోయినట్టు ఉన్నాయి. అటు చూస్తూ తొక్కుతున్నాను. వెనక నుంచి మా అమ్మాయి, "నాన్నా, నీ వెనక చక్రం కూర్చుంది" అంది.

దిగి చూస్తే నిజమే. స్పేర్ ట్యూబు ఉందా అంటే, నువ్వు పెట్టావనుకున్నాను అంటే నువ్వు పెట్టావనుకున్నాను అని ఇద్దరం. ప్యాచ్‌లూ సొల్యూషనూ చిన్న పంపూ మాత్రం ఉన్నాయి. చక్రం విప్పి, ట్యూబు లాగి, గాలి కొట్టాను. సరస్సు పది అడుగుల్లో ఉంది. ఇంత పెద్ద బేసిను ఏ పంక్చర్ షాపుకూ ఉండదు. ట్యూబు పట్టుకుని ఒడ్డుకు దిగబోయాను.

"నాన్నా! అవి మేం తాగే నీళ్ళు."

"పడవలు తిరుగుతున్నాయి కదమ్మా. నా ట్యూబు ముంచితే ఏమైపోతుంది?"

"తిరగనీ. నువ్వు ముంచకు."

తుంగభద్ర కాలువకు నీళ్ళు వదిలినప్పుడు చెరువులో నిల్వ చేసుకుని, ఎండాకాలమంతా వాటిని లెక్కపెట్టుకుని తాగే ఊళ్ళో పుట్టాను. ఆ చెరువులో కాళ్ళు పెట్టాడని ఒకసారి ఒక పిల్లవాణ్ణి నేనే చెవి మెలిపెట్టాను. ఇక ఏమంటాను? వెనక్కి వచ్చాను.

ట్యూబును చెవి దగ్గర పెట్టుకుని అంగుళం అంగుళం తిప్పాను. ఏమీ లేదు. చెవులకూ వయసొచ్చింది. మా అమ్మాయి ట్యూబు తీసుకుంది. "ఊపిరి బిగపట్టు" అంది నాతో. బిగపట్టాను. అప్పుడు గమనించాను, ఆ చోట ఎంత నిశ్శబ్దంగా ఉందో. కారు లేదు. హారన్ లేదు. ఎక్కడో మైకులో పాట లేదు. జనరేటర్ లేదు. కుక్క లేదు. నీళ్ళు రాయికి తగిలే చిన్న చప్పుడు, అది కూడా అప్పుడప్పుడు. రేడియోలో మౌనం పెట్టకూడదంటారు, పెడితే లోపల కూర్చున్న ఇంజనీరు గారు గాభరా పడతారు. లేకపోతే మీకు కూడా ఒక పది సెకన్లు వినిపించేవాణ్ణి.

"ఇదిగో" అంది. ఆమె వేలు పెట్టిన చోట నా చెవి ఆనించాను. సన్నగా, సూదిలోంచి దారం లాగినట్టు, స్‌స్‌స్‌... అని. నాకూ వినపడింది! చిన్న రాతి పలుకు గుచ్చుకుంది. గాలి పోతున్న చప్పుడు విని అంత సంతోషపడ్డవాణ్ణి నేనొక్కణ్ణే అయి ఉంటాను.

అన్నట్టు, ఈ గాలి ట్యూబు కూడా స్కాట్లాండువాళ్ళదే. స్టోన్‌హేవెన్‌లో పుట్టిన రాబర్ట్ థామ్సన్ 1845లోనే దానికి పేటెంటు తీసుకున్నాడు, ఎవరూ పట్టించుకోలేదు. 1888లో జాన్ డన్‌లప్ అనే పశువుల డాక్టరు, ఆయనా స్కాట్లాండులో పుట్టినవాడే, మళ్ళీ కనిపెట్టాడు. పేరు డన్‌లప్‌కు దక్కింది. అలా వాళ్ళు గాలి నింపిన ట్యూబుకు, వాళ్ళ దేశంలోనే, నేను ప్యాచ్ వేస్తున్నాను.

వేస్తుండగా వచ్చాయి, మిడ్జీలు. మన దగ్గర కళ్ళ చుట్టూ ముసిరే నుసుముల్లాంటివే, కాకపోతే ఇవి కుడతాయి. నువ్వుగింజంత కూడా ఉండవు. ఒకటి రెండు కాదు, పొగలా వస్తాయి. మెడ, చెవుల వెనక, చొక్కా చేతుల్లోపల. ఒక చేత్తో ప్యాచ్ నొక్కి పట్టుకుని రెండో చేత్తో నన్ను నేనే కొట్టుకుంటూ నిలబడ్డాను. తొక్కుతున్నంతసేపూ ఒక్కటీ లేదు, ఆగగానే వచ్చాయి. గాలి గంటకు పది పన్నెండు కిలోమీటర్లు దాటితే అవి ఎగరలేవట. అంటే తొక్కేవాడిని ముట్టుకోవు, ఆగినవాడిని వదలవు.

కనుక మీ పిల్లల దగ్గరికి వెళ్ళినప్పుడు ఈ రోడ్డు ఎక్కేవాళ్ళకు నేను చెప్పేది ఒక్కటే. తొక్కడం గురించి కాదు, ఆగడం గురించి. మే చివర నుంచి సెప్టెంబరు దాకా, ఆగవలసివస్తే చెట్ల కింద, నీళ్ళ పక్కన, నీడలో ఆగకండి. మలుపు తిరిగి గాలి కొట్టే ఎత్తు మీదికి నడిపించుకుని పోయి ఆగండి. పంక్చరైనా సరే, వంద గజాలు నడిస్తే నష్టం లేదు. నీడ చూసి ఆగడం మన అలవాటు. అక్కడ గాలి చూసి ఆగాలి. మొహానికి వేసుకునే సన్నని వల అక్కడి దుకాణాల్లో దొరుకుతుంది, ఒకటి జేబులో ఉంచుకోండి. స్పేర్ ట్యూబు ఎవరు పెట్టారో ఇంట్లోనే తేల్చుకోండి.

స్ట్రోనాక్లాకర్‌లో టీ తాగాం. యాభై కిలోమీటర్లు తొక్కలేమనుకునేవాళ్ళు రేవు నుంచి ఇక్కడిదాకా పడవలో వచ్చి, ఒడ్డు రోడ్డు మీద సైకిల్‌పై తిరిగి పోవచ్చు. పడవలో సైకిళ్ళు ఎక్కించుకుంటారు. ఆ సరస్సు మీద ఒక పాత స్టీమరుంది, 1899 నాటిది. క్లైడ్ ఒడ్డున డంబార్టన్‌లో కట్టి, విడగొట్టి, లాఖ్ లోమండ్ మీదుగా తెచ్చి, అక్కడి నుంచి ముక్కలన్నిటినీ గుర్రపు బండ్ల మీద కొండ ఎక్కించి, ఇక్కడ మళ్ళీ బిగించారు. గుర్రాల సంగతి తలచుకుంటే నా మోకాళ్ళ నొప్పి కొంచెం తగ్గింది.

అక్కడి నుంచి అబర్‌ఫోయిల్ దాకా కార్లు వస్తాయి, కానీ తక్కువ. లాఖ్ కాన్ పక్కన అడవిలో, గుమ్మటాల్లాంటి చిన్న రాతి కట్టడాలు కనపడ్డాయి. మన కాలి కింద, సొరంగంలో, గ్లాస్గోకి నీళ్ళు పోతున్నాయి. వాటికి గాలి తగలడానికి పెట్టిన గూళ్ళు అవి. నీళ్ళూ మేమూ ఒకే వైపు.

ఆ రోడ్డు చాలాచోట్ల ఒక్క బండికే సరిపోతుంది. అందుకని అక్కడక్కడ పక్కకు తప్పుకునే జాగా వదిలి, బోర్డు పెడతారు. ఎడమవైపు జాగా ఉంటే అందులోకి తప్పుకోవాలి. కుడివైపు ఉంటే మనం దాటిపోకూడదు, ఎడమ అంచునే ఆగాలి, అవతలి బండి దానిలోకి తప్పుకుంటుంది. వెనక బండి వస్తున్నా ఆగి దారివ్వాలి. మా వెనక దుంగల లారీ ఒకటి వచ్చింది. హారన్ కొట్టలేదు. మెల్లగా, ఎద్దుబండి వెనక వచ్చినట్టు వచ్చింది. మేము జాగాలోకి తప్పుకున్నాం. పోతూ పోతూ డ్రైవరు స్టీరింగు మీది చెయ్యి తియ్యకుండా ఒక్క వేలు ఎత్తాడు. "అదేమిటమ్మా?" అంటే, "థాంక్స్ అన్నట్టు, నాన్నా. నువ్వూ వేలెత్తు" అంది. నేను అలవాటుకొద్దీ రెండు చేతులూ జోడించేశాను. సైకిల్ పక్కకు ఒరిగిపోయి, మా అమ్మాయి పట్టుకుంది.

ఇక్కడ పట్టుకోవడానికి సైకిలేమీ లేదు కనుక, రెండు చేతులతోనే, నమస్కారం.