మెయిన్ రోడ్డుకు ఒక వీధి వెనక: నగరంలో సొంత దుకాణాలను వెతికి చూసే పద్ధతి

[దృశ్యం: వెడల్పాటి రోడ్డు, రెండు పక్కలా అద్దాల షోరూములు. కెమెరా ఒక సందులోకి తిరుగుతుంది. బోర్డులు చిన్నవవుతాయి. చేత్తో రాసినవి ఒకటి రెండు కనిపిస్తాయి.]

వాయిస్:
ఏ నగరంలో దిగినా మెయిన్ రోడ్డు మీద ఇంచుమించు అవే బోర్డులు కనిపిస్తాయి. ఆ ఊళ్లో సొంతంగా దుకాణం నడుపుకునేవాళ్లు లేక కాదు. వాళ్లు అద్దె తట్టుకోగలిగిన చోట ఉన్నారు. కూడలి దగ్గరి మూల కొట్టుకు అద్దె ఎక్కువ. ఆ అద్దె రాబట్టాలంటే రోజూ పదులకొద్దీ అమ్ముడయ్యే సరుకే పెట్టాలి. గడియారం ముల్లు, పాత తాళానికి చెవి, ఫౌంటెన్ పెన్ను పాళీ లాంటివి నెలకు నాలుగు పోతే గొప్ప. అవి అమ్మే మనిషి మూల కొట్టులో ఎన్నాళ్లు నిలుస్తాడు?

అందుకని ముందు అద్దె ఎక్కడ తగ్గుతుందో చూడండి. దుకాణాల సంగతి ఆ తర్వాత.

[స్క్రీన్ మీద: పేట గీత చిత్రం. మెయిన్ రోడ్డు ముదురు రంగులో, వెనక వీధులు లేత రంగులో.]

అద్దె తగ్గే చోట్లు ఎక్కడైనా ఒకేలా ఉంటాయి. మెయిన్ రోడ్డుకు సమాంతరంగా పోయే వెనక వీధి. లిఫ్టు లేని కట్టడంలో మొదటి అంతస్తు. మెట్లు దిగి వెళ్లాల్సిన గది. రైలు వంతెన కింది కమానులు. ముందు వెడల్పు రెండు మూడు మీటర్లే ఉండి లోపలికి పొడవుగా సాగే ఇరుకు కొట్లు. అన్నిటికన్నా ముఖ్యం పాత కట్టడాలు. కట్టడానికి చేసిన అప్పు ఎప్పుడో తీరిపోయిన భవనంలోనే తక్కువ అద్దెకు చోటు దొరుకుతుందనీ, కొత్త ప్రయత్నాలు బతకాలంటే పేటలో పాత కట్టడాలు మిగలాలనీ నగరాల మీద పుస్తకాలు రాసిన జేన్ జేకబ్స్ 1961లోనే రాశారు.

అద్దె దుకాణాన్ని ఎలా కదుపుతుందో చూడాలంటే స్పెయిన్‌కు వెళ్లాలి. 1985కు ముందు కుదిరిన దుకాణాల అద్దెలకు అక్కడ చట్టం రక్షణ ఇచ్చింది. 1994లో వచ్చిన కొత్త చట్టం వాటిలో చాలావాటి రక్షణకు 20 ఏళ్ల గడువు పెట్టింది. 2014 చివరితో గడువు తీరింది. బార్సిలోనా, మాడ్రిడ్ నడిబొడ్డున తరాలుగా ఉన్న కొట్లు కొన్ని మూతబడ్డాయి, కొన్ని వేరే వీధులకు తరలిపోయాయి.

[దృశ్యం: ఒక దుకాణం ముందు నిలబడిన మనిషి. బోర్డు, యూనిఫాం, బిల్లు ఒక్కొక్కటిగా దగ్గరగా.]

వాయిస్:
సరే, ఎదురుగా ఉన్నది సొంత దుకాణమేనా? పేరు చూసి చెప్పలేం. పాతకాలపు పేరు పెట్టుకుని చెక్క బోర్డు తగిలించుకున్న చైన్ షాపులు బోలెడు. కళ్లతో చూసి తేల్చడానికి శాన్ ఫ్రాన్సిస్కో నగర చట్టం ఇచ్చిన నిర్వచనం బాగా పనికొస్తుంది. ఒక దుకాణానికి ప్రపంచంలో ఎక్కడైనా ఇంకో 11 లేదా అంతకన్నా ఎక్కువ శాఖలు ఉండాలి. వాటన్నిటికీ సరుకు, ముందు గోడ, లోపలి అలంకరణ, యూనిఫాం, బోర్డు, ట్రేడ్‌మార్కు, ఈ ఆరింటిలో కనీసం రెండు ఒకేలా ఉండాలి. అప్పుడు దాన్ని అక్కడ చైన్ కింద లెక్కేస్తారు.

చిక్కు ఫ్రాంచైజీతో వస్తుంది. యజమాని ఆ వీధివాడే. పెట్టుబడీ, అద్దె బాధ్యతా అతనివే. కానీ అరలో ఏది పెట్టాలి, ఎంతకు అమ్మాలి అనేది ఎక్కడో ఉన్న కంపెనీ చెబుతుంది. అమ్మకాల్లో వాటా కూడా అక్కడికే పోతుంది. అందుకని గల్లాలో కూర్చున్నది ఎవరని చూడటం చాలదు. సరుకు ఎవరు ఎంచుతారో అడగండి. "ఇది మీరే తెప్పిస్తారాండీ?" అంటే చాలు. సొంత దుకాణమైతే ఎక్కణ్నుంచి వస్తుందో, ఎందుకు దాన్నే తెస్తున్నారో చెప్పుకుపోతారు. రెండో ఆధారం బిల్లు. బోర్డు మీద ఒక పేరు, బిల్లు మీద వేరే ఊరి చిరునామాతో కంపెనీ పేరు ఉంటే సంగతి తేలిపోయినట్టే.

సొంత దుకాణంలో కొంటే డబ్బు ఊళ్లోనే తిరుగుతుందంటారు కదా, దానికి లెక్క ఉందా? షికాగోలోని ఆండర్సన్‌విల్ పేట మీద 2004లో ఒక అధ్యయనం జరిగింది. ఖర్చు పెట్టిన ప్రతి 100 డాలర్లలో సొంత దుకాణాల ద్వారా 68, చైన్ షాపుల ద్వారా 43 స్థానిక ఆర్థిక వ్యవస్థలో మిగిలినట్టు తేలింది. అది ఒక్క పేట లెక్క. మీ ఊరికి అదే అంకె అతికించకండి. యజమాని ఎక్కడ ఉంటాడు, సరుకు ఎక్కడ తయారవుతుంది అన్నదాన్ని బట్టి అంకె మారిపోతుంది.

[దృశ్యం: ఫోను తెర, మ్యాపు.]

వాయిస్:
ఇక వెతకడం. మ్యాపులో "షాపింగ్" అని కొడితే ప్రకటనలూ పెద్ద పేర్లూ ముందుకొస్తాయి. పని పేరు కొట్టండి. గొడుగు రిపేరు, పుస్తకాల బైండింగు, గుండీలు, తాళాలు, పాత కెమెరాలు, ఇలా. అదే మాటను ఆ ఊరి భాషలో, ఆ లిపిలో ఇంకోసారి కొట్టండి. చాలా చిన్న కొట్లు తమ పేరు సొంత లిపిలోనే నమోదు చేసుకుంటాయి. రెండోసారి వచ్చే జాబితా వేరుగా ఉంటుంది. ఊరంతా చూపిస్తున్న మ్యాపులో వెతక్కండి. నాలుగు వీధులు పట్టేంత దగ్గరకు తెచ్చి, అక్కడ మళ్లీ వెతికించండి. దూరం నుంచి చూస్తే యాప్ చాలా దుకాణాల పేర్లను దాచేస్తుంది.

కాస్త ఓపిక ఉన్నవాళ్లకు ఇంకో దారి ఉంది. ఓపెన్‌స్ట్రీట్‌మ్యాప్ 2004లో మొదలైన ఉచిత పటం, స్వచ్ఛంద కార్యకర్తలు నింపుతారు. అందులో దుకాణాలకు "షాప్" అనే ట్యాగు, అంటే రకం చెప్పే చీటీ, ఉంటుంది, చైన్ అయితే "బ్రాండ్" అనే ట్యాగు కూడా తగిలిస్తారు. ఓవర్‌పాస్ టర్బో అనే సైటు తెరిచి, పటాన్ని ఒక పేట వరకు దగ్గరకు తెచ్చి, షాప్ ట్యాగు ఉండి బ్రాండ్ ట్యాగు లేనివి చూపించమని అడగండి. మొత్తం నగరానికి అడిగితే భారం ఎక్కువై మధ్యలో ఆగిపోవచ్చు. వచ్చిన జాబితాను పూర్తిగా నమ్మకండి. కొన్ని చైన్ షాపులకు ఎవరూ బ్రాండ్ ట్యాగు పెట్టి ఉండరు. కొన్ని కొట్లు పటంలోనే ఉండవు. అయినా చుక్కలు ఎక్కడ గుంపుగా పడ్డాయో కనిపిస్తుంది. మనకు కావలసింది ఆ గుంపే.

[స్క్రీన్ మీద: చుక్కల గుంపులు, ఒక్కో గుంపు చుట్టూ వృత్తం.]

ఒకే రకం కొట్లు ఒకే వీధిలో ఎందుకు చేరతాయి? ఒకే సరుకు అమ్మే ఇద్దరు దూరంగా ఉండాల్సింది పోయి పక్కపక్కకు ఎందుకు జరుగుతారో 1929లో హెరాల్డ్ హోటెలింగ్ అనే ఆర్థికవేత్త లెక్క కట్టి చూపించాడు. వ్యాపారులు చెప్పే కారణం ఇంకా తేలిక: పోల్చి చూసుకుని కొనే సరుకైతే జనం పది కొట్లు ఉన్న చోటికే వస్తారు. టోక్యోలో జింబోచో పాత పుస్తకాలకు, కప్పాబాషి వంటింటి సామానుకు పేరు. లండన్‌లో హాటన్ గార్డెన్ నగలకు, సావిల్ రో దర్జీలకు. ఇస్తాంబుల్ గ్రాండ్ బజార్ లోపలి వీధులకు ఒకప్పటి వృత్తుల పేర్లు ఇంకా ఉన్నాయి. టోపీలు కుట్టేవారి పేరున్న వీధిలో ఇప్పుడు బంగారం అమ్ముతున్నారు. కనుక పాత వీధి పేరును ఆనవాలుగా వాడుకోండి, హామీగా తీసుకోకండి.

గుంపులో ఉన్న కొట్లను జాగ్రత్తగా చూస్తే సరుకు అవసరాలూ బయటపడతాయి. జింబోచోలో పాత పుస్తకాల కొట్లు చాలావరకు పెద్ద రోడ్డుకు దక్షిణం వైపునే ఉంటాయి, ఉత్తరానికి తిరిగి. ఎండ తగిలితే కాగితం రంగు మారుతుంది, అట్టలు వెలిసిపోతాయి. నీడ పడే పక్క వాళ్లకు కావలసిన పక్క. ఎండకు పాడయ్యే సరుకు వెతుకుతుంటే, ఏ ఊళ్లోనైనా ముందు నీడ వైపు నడిచి చూడటం మంచిది.

[దృశ్యం: వీధిలో అడుగులు. స్క్రీన్ మూలన లెక్కింపు అంకెలు.]

వాయిస్:
వీధిని ఎంచుకున్నాక దాన్ని కొలవండి. డెన్మార్క్ వాస్తుశిల్పి యాన్ గేల్ వాడే కొలత ఇది: 100 మీటర్ల పొడవులో ఎన్ని తలుపులు ఉన్నాయి? 15 నుంచి 20 ఉంటే అది చిన్న కొట్లతో కళకళలాడే వీధి. ఐదుకన్నా తక్కువైతే పెద్ద షోరూములో, గోడలో. మీ అడుగు ముప్పావు మీటరు అనుకుంటే 100 మీటర్లంటే సుమారు 130 అడుగులు. లెక్క రెండు నిమిషాల్లో అయిపోతుంది, ఆ వీధిలో మధ్యాహ్నమంతా గడపాలా వద్దా తేలిపోతుంది.

ఇప్పుడు సమయం. మామూలు నడక నిమిషానికి 80 మీటర్లు. 800 మీటర్ల వీధి పది నిమిషాలు. ఒక పక్కన వెళ్లి రెండో పక్కన తిరిగి రావాలి కాబట్టి ఇరవై. లోపలికి వెళ్లిన ప్రతి కొట్టుకు 12 నిమిషాలు వేసుకుంటే ఆరు కొట్లకు 72. దారిలో ఆగడానికీ బయటి నుంచి చూడటానికీ ఇంకో అరగంట. మొత్తం రెండు గంటల పైచిలుకు. అంటే పూటకు ఒక వీధి, ఆరు కొట్లు. రోజుకు నాలుగు పేటలు తిరుగుతామని బయలుదేరేవాళ్లు మూడో పేటకు వచ్చేసరికి అద్దాల్లోంచి చూసి వెళ్లిపోతారు.

ఎప్పుడు వెళ్లాలి? తెరిచిన వెంటనే వద్దు. సరుకు సర్దుకుంటూ, నిన్నటి లెక్కలు చూసుకుంటూ ఉంటారు. షట్టర్ దించే ముందు గంటా వద్దు. పనిదినం ఉదయం, తెరిచిన ఒక గంట తర్వాత అయితే మాట్లాడే తీరిక ఉంటుంది. ఒక్క మనిషి నడిపే కొట్టులో భోజనం వేళ అంటే కొట్టు మూసి ఉండటమే. వారపు సెలవు ముందే కనుక్కోండి. గ్రాండ్ బజార్ ఆదివారం తెరవదు. కప్పాబాషిలోనూ ఆదివారం చాలా కొట్లు మూసే ఉంటాయి, వాళ్లు పనిదినాల్లో వచ్చే హోటళ్లవాళ్ల కోసం తెరుస్తారు మరి. యాప్‌లో చూపే వేళలు చిన్న కొట్ల విషయంలో తరచూ తప్పుతాయి. మొదటిసారి నమోదు చేశాక మళ్లీ ఎవరూ సరిచేయరు. దూరం వెళ్తుంటే ఒక ఫోను కొట్టండి.

[దృశ్యం: కొట్టు లోపల. అరలు, బల్ల, బల్ల వెనక చేతులు మాత్రమే.]

వాయిస్:
లోపలికి వెళ్లగానే పలకరించండి. ఇరుకు గదిలో పలకరించకుండా తిరిగేవాళ్లను ఏ యజమాని అయినా ఓ కంట కనిపెడుతూనే ఉంటాడు, ఇక కబుర్లేం చెబుతాడు? ఫోటోకు అడగండి. ధరల చీటీలు ఫోటో తీయడం, అక్కడే నిలబడి ఆన్‌లైన్ ధర వెతకడం, ఈ రెండూ చేస్తే సంభాషణ అక్కడితో సరి. బరువైనవీ పగిలేవీ చివరి కొట్టులో కొనండి, లేకపోతే మిగతా కొట్లన్నీ వాటిని మోస్తూ తిరగాలి.

అడగాల్సినవి మూడు. దీన్ని ఎవరు చేశారు? ఇందులో ముందు పాడయ్యేది ఏది, మీరు బాగు చేస్తారా? మూడోది అన్నిటికన్నా విలువైనది: ఈ సరుకు మీ దగ్గర లేనప్పుడు ఎవరి దగ్గరికి పంపుతారు? ఆ జవాబు ఏ యాప్‌లోనూ దొరకదు. పోటీదారుణ్ని పేరుపెట్టి చెప్పాడంటే అక్కడ తప్పకుండా ఏదో ఉంది. అలా ఒక కొట్టు నుంచి ఇంకో కొట్టుకు వెళ్తుంటే మూడు నాలుగు మజిలీల్లో వెనక వీధి మొత్తం తెలిసిపోతుంది.

డబ్బు ఇచ్చే ముందు వాపసు సంగతి అడగండి, ఇచ్చాక కాదు. చాలా చిన్న కొట్లలో మార్పిడి ఉంటుంది, డబ్బు వాపసు ఉండదు. తేదీ ఉన్న బిల్లు తీసుకోండి. చిన్న మొత్తమైతే చిల్లర దగ్గర పెట్టుకోండి. కార్డు మీద యజమాని కట్టే రుసుము చిన్న అమ్మకంలో లాభాన్ని బాగా కొరికేస్తుంది.

[దృశ్యం: నోటు పుస్తకం, తర్వాత కంప్యూటర్ తెర మీద పటం.]

వాయిస్:
బయటికి రాగానే రాసుకోండి, ఇంటికి వెళ్లాక అయితే ఆరు కొట్లూ కలిసిపోతాయి. పేరు, గుర్తుపట్టే ఆనవాలు, ఏ అంతస్తు, వారపు సెలవు, ఏ సరుకులో లోతు ఉంది, రిపేరు చేస్తారా లేదా. "బాగుంది" అని మాత్రం రాయకండి, ఆర్నెల్ల తర్వాత ఆ మాటకు అర్థం ఉండదు. సొంత పటాలు తయారుచేసుకునే గూగుల్ మై మ్యాప్స్‌లో ఒక పటానికి 10 లేయర్లు, అంటే విడివిడిగా చూపించి దాచగలిగే పొరలు, పెట్టుకోవచ్చు. అందరూ పేటల వారీగా లేయర్లు చేస్తారు. వారపు సెలవుల వారీగా చేయండి. వారానికి ఏడు రోజులు, ఏడు లేయర్లు సరిపోతాయి. బయలుదేరే రోజు లేయర్ ఆపేస్తే ఆ రోజు తెరిచి ఉండేవి మాత్రమే పటం మీద మిగులుతాయి.

కొన్ని నగరాలు ఈ జాబితాను కొంతవరకు సిద్ధంగా ఉంచుతున్నాయి. శాన్ ఫ్రాన్సిస్కోలో 30 ఏళ్లు దాటిన వ్యాపారాలకు లెగసీ బిజినెస్ పేరుతో ఒక నమోదు పట్టిక ఉంది. లిస్బన్ 2015లో చరిత్ర ఉన్న దుకాణాల పథకం మొదలుపెట్టింది. పారిస్ 2004 నుంచి ఒక సంస్థ ద్వారా కింది అంతస్తు గదులు కొని చిన్న వ్యాపారాలకు ఇస్తూ వచ్చింది, లాటిన్ క్వార్టర్ అనే పేటలోని పుస్తకాల కొట్లు అందులో ఉన్నాయి. మళ్లీ అద్దె దగ్గరికే వచ్చాం చూడండి. మొదటి నడకకు ఇలాంటి పట్టికలు చాలు. పదేళ్ల కొట్లు వాటిలో ఉండవని మాత్రం గుర్తుంచుకోండి.

[దృశ్యం: దించి ఉన్న షట్టర్. దాని మీద అంటించిన కాగితం.]

వాయిస్:
చివరిగా, ఎప్పుడో ఒకసారి తప్పకుండా జరిగేది. పటంలో గుర్తు పెట్టుకున్న కొట్టు ముందుకు వచ్చేసరికి షట్టర్ దించి ఉంటుంది. వెంటనే "శాశ్వతంగా మూసివేశారు" అని నమోదు చేసేయకండి. ముందు షట్టర్ మీది కాగితం చదవండి, చిరునామా ఉంటే ఫోటో తీసుకోండి. కాగితం లేకపోతే పక్క కొట్టులో అడగండి. తర్వాత అదే కట్టడం పై అంతస్తు చూడండి, ఆపైన వెనక వీధి. అద్దె పెరిగి కదిలిన కొట్టు పాత ఖాతాదారులను వదులుకోదు కాబట్టి, ఐదారు నిమిషాల నడకలోనే ఉండే అవకాశం ఎక్కువ. దొరికితే పటంలో చుక్కను అక్కడికి జరపండి, అంతస్తు నంబరు రాయడం మర్చిపోకండి.

[దృశ్యం: పటం మీద చుక్క మెయిన్ రోడ్డు నుంచి వెనక వీధికి జరుగుతుంది. తెర ఆరిపోతుంది.]